చేతులు ఖాళీ లేని చోట బోర్డు పెట్టండి

చిన్న దుకాణం పెట్టుకున్నవాళ్ళకి ఇప్పుడు ఎవరిని అడిగినా చెప్పే సలహా ఒకటే: ఫోన్‌లోకి వెళ్ళండి. జనం కళ్ళు అక్కడున్నాయి కనక మీ డబ్బూ అక్కడికే పోవాలంటారు. నేను దానికి సరిగ్గా ఎదురు చెబుతున్నాను. బోర్డులు రాయించడం, కరపత్రాలు పంచడం, పేపర్లకి ప్రకటనలు పంపడం నా బతుకుతెరువు. నా సలహాలు తలకిందులుగా ఉన్నాయని ఇంట్లోవాళ్ళే అంటారు. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. అప్పు తెచ్చిన డబ్బంతా ప్రచారానికి పోసి, ఏడాది తిరక్కుండా షట్టర్ దించేసిన కొట్లు మా బజార్లోనే ఉన్నాయి. అది చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

అందరికీ తెలియాలనుకోకండి

తెనాలి బోసు రోడ్డులో ఒకావిడ చీరల కొట్టు నడుపుతున్నారనుకుందాం. ఫేస్‌బుక్‌లో పట్టుచీర ఫొటో పెట్టి, కింద బూస్ట్ నొక్కి, రోజుకింత అని డబ్బు కడతారు. ఆ నిమిషం నుంచి ఆవిడ వేలంపాటలో కూర్చున్నట్టే. ఎవరో ఒక ఇల్లాలు ఫోన్ తెరిచిన ప్రతిసారీ ఆమె కంటి ముందున్న చోటు కోసం పాట జరుగుతుంది. అదే చోటు కోసం విజయవాడ షోరూములు పాడతాయి, హైదరాబాదు షోరూములు పాడతాయి, గుమ్మంలోకి తెచ్చి ఇచ్చే ఆన్‌లైన్ కంపెనీలూ పాడతాయి. పాటలో డబ్బొక్కటే చూడరు, ఆ ప్రకటనని జనం నొక్కుతారా లేదా అన్న అంచనా కూడా చూస్తారు. ఫొటోలకి, వీడియోలకి విడిగా మనుషుల్ని పెట్టుకున్నవాళ్ళకి అక్కడా మొగ్గే. పండగ దగ్గరపడేకొద్దీ పాడేవాళ్ళు పెరుగుతారు, రేటూ పెరుగుతుంది. అంటే మీ కొట్లో సరుకు నిండుగా ఉన్న రోజుల్లోనే మీ రూపాయికి విలువ తగ్గిపోతుంది.

పోనీ పాట మీరే గెలిచారనుకోండి. బొటనవేలు ఒక్కసారి పైకి తోస్తే మీ చీర పోయి ఎవరి పిల్లాడో డాన్సు చేస్తూ కనిపిస్తాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక బస్టాండులో తల ఎత్తి చూసే మనిషే కరువయ్యాడు. చూపు ఫోన్‌లో ఉన్న మాట నిజమే. కానీ ఆ చూపు ఒక్క చోట నిలబడదన్న సంగతి ప్రకటన అమ్మేవాడు మీకు చెప్పడు. మీ కొట్టుకి నడిచి రాగలిగేవి నాలుగు వీధులు. ఆ నాలుగు వీధులవాళ్ళకి మీ పేరు నోట్లో నానితే చాలు, పక్క జిల్లాకి తెలియాల్సిన పని లేదు.

కళ్ళని వదిలి చేతుల్ని చూడండి

మనిషి చేతులు ఏదో పనిలో ఇరుక్కుపోయి, ఫోన్ తీయడానికి వీల్లేక, లేచి పోవడానికీ వీల్లేక ఉండే చోట్లు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. అక్కడ కళ్ళకి ఏ పనీ ఉండదు. మీ బోర్డు ఉండాల్సింది అక్కడ.

అన్నిటికంటే మంచి చోటు సెలూన్. మెడ చుట్టూ గుడ్డ కట్టేశాక మనిషి రెండు చేతులూ దాని కిందకి పోతాయి. ఫోన్ మోగినా మోగనిస్తాడు. తల కదిపితే కత్తెర ఎటు పోతుందో అని బిగుసుకుని కూర్చుంటాడు. ఎదురుగా అద్దం. ఎంతసేపని తన మొహమే చూసుకుంటాడు? అద్దంలో కనపడే వెనక గోడని చూస్తాడు. బోర్డుని ఆ వెనక గోడకే, తిరగేసిన అక్షరాలతో పెట్టండి. అంబులెన్సు ముందు భాగాన అక్షరాలు తిరగేసి రాస్తారే, ముందు పోయే బండివాడికి అద్దంలో సరిగ్గా కనపడాలని, అలాగ.

ఈ మాట చెబితే ఆర్టిస్టు ముందు ఒప్పుకోడు, తన చేతిరాతకి అవమానమనుకుంటాడు. ట్రేసింగ్ పేపరు మీద ఆయన చేత మామూలుగానే రాయించండి. కాగితం తిరగేసి, కింద కార్బన్ పెట్టి, గీతల వెంట దిద్దమనండి. తలకట్లు, కొమ్ములు ఎడమా కుడీ మారిపోతాయి కనక అలవాటు కొద్దీ మధ్యలో ఒకటి సరిగ్గా రాసేస్తారు. రంగు వేయకముందే చిన్న అద్దం పట్టి చదివి చూడండి. మేకు కొట్టే ఎత్తు కూడా మీరే కుర్చీలో కూర్చుని చూసి చెప్పాలి. కాచుకునేవాళ్ళ బెంచీ సాధారణంగా ఆ గోడకే ఆనించి ఉంటుంది, వాళ్ళ తలలు అక్షరాలకి అడ్డం రాకూడదు. మాటలు ఎనిమిదికి మించకూడదు. బనియన్లు, లుంగీలు, టైలరింగ్, బియ్యం బస్తాలు, మోటారు రిపేరు లాంటివి ఆ గోడకి సరిపోతాయి. పట్టుచీరలు ఆ గోడ మీద అమ్ముడుపోవు.

సెలూన్ ఆయనతో మాటవరసకి బేరం కుదుర్చుకోవద్దు. నెలకింత అని కాగితం మీద రాసి సంతకాలు చేసుకోండి. మనలో మనకేంటిలే అని మొదలైన బేరాలు ఆరు నెలల్లో గొడవకి దారి తీస్తాయి, ఊళ్ళో మొహమొహాలు చూసుకోలేని పరిస్థితి వస్తుంది.

రెండో చోటు పిండి మర, తెలంగాణలో గిర్ని అంటారు. ఆ మోతలో ఎవరి ఫోనూ వినపడదు. ఆ దుమ్ములో ఫోన్ బయటికి తీయడానికి ఎవరికీ మనసు రాదు. డబ్బా వంతు వచ్చేదాకా నిలబడాల్సిందే. ఇక్కడ రంగుల విషయంలో జాగ్రత్త. నల్ల బోర్డు మీద తెల్ల అక్షరాలు వేయిస్తే వారం తిరిగేసరికి పిండి పేరుకుని బోర్డంతా తెల్లబడుతుంది. తెల్ల బోర్డు మీద నల్ల అక్షరాలే వేయించండి, పైన పిండి పడ్డా నలుపు తేలుతుంది. కారం పట్టే మిషన్ వైపు గోడ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు, అక్కడ కళ్ళు నీళ్ళు కారుతుంటాయి.

మరకి వచ్చిన మనిషి చేతిలో ఏముందో చూడండి, ఆ ఇంట్లో తర్వాత కావలసింది ఏమిటో తెలిసిపోతుంది. వేసవిలో ఎండుమిరపకాయలు, ఆవాలు పట్టించుకోవడానికి వచ్చారంటే ఆ ఇంట్లో ఆవకాయకి పని మొదలైనట్టు. ఆవిడకి ఇక కావలసింది నూనె, జాడీ, కాయ కొట్టేవాడు. గానుగ నువ్వుల నూనె అమ్మేవాళ్ళు ఆ రెండు నెలలూ ప్రచారం డబ్బంతా ఊళ్ళోని మరల్లోనే పెట్టాలి. బోర్డు మీద కిలో ధర పెద్దగా, కొట్టు ఎక్కడుందో దాని కింద చిన్నగా. ఎవరికి ఏం కావాలో కనిపెట్టడానికి ఫోన్ కంపెనీలు మన చేష్టలన్నీ పోగేస్తున్నాయి. మరలో అంత పని అక్కర్లేదు, ఆవిడే సంచీతో వచ్చి నిలబడుతుంది.

రైల్వే గేటు గోడలకి ఒకప్పుడు గిరాకీ ఉండేది. ఇప్పుడు గేటు పడగానే బండ్ల మీద ఉన్నవాళ్ళంతా ఫోన్ తీస్తున్నారు, కాబట్టి వదిలేయండి. పెట్రోలు బంకులో ఫోన్ తీయరు గానీ ధ్యాసంతా మీటరు మీదే. గుడి క్యూలకి మాత్రం వెళ్ళకండి. దేవుడి దగ్గరికి పోయే మనిషికి మనం అడ్డం పడకూడదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టారు. కచేరీ అంటే జనం గంటల తరబడి ఒకేచోట కదలకుండా కూర్చునే సభ. కూర్చుని కూర్చుని తల పట్టేసే వేళకి చేతిలో డబ్బీ ఉంటే ఇంకేం కావాలి? ఆ నొప్పిమందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక వచ్చింది. పేపర్లలో ప్రకటనల కోసం మనమంతా డబ్బు పెడితే, ఆయన కచేరీలో మందు పంచి పేపరునే పెట్టారు.

మూఢంలో మాట్లాడండి

దసరాకి, ఆషాఢం సేల్‌కి పైసా ఖర్చు పెట్టకండి. ఆ రోజుల్లో పేపర్లో పేజీలకి పేజీలు, టీవీలో గంటకి గంట పెద్ద షోరూములవే. మీ గొంతు ఎవరికీ వినపడదు. మూఢంలో మాట్లాడండి. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు ఉండవు కనక అప్పుడు అందరూ ప్రచారం ఆపేస్తారు. కానీ పిల్ల పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో లెక్కలు వేసుకోవడం ఆగదు. ఎన్ని చీరలు, ఎవరెవరికి, ఏ కొట్లో అన్నది తీరిగ్గా మాట్లాడుకునేది అప్పుడే. ముహూర్తాలు మొదలయ్యాక బేరమాడే ఓపిక వాళ్ళకీ ఉండదు, కూర్చోబెట్టి చూపించే తీరిక మీకూ ఉండదు. మూఢంలో వచ్చినవాళ్ళని కొనమని అడగకండి. మజ్జిగిచ్చి, నాలుగు రకాలు చూపించి, ధర కాగితం మీద రాసిచ్చి పంపండి. ఆ కాగితం ఆ ఇంట్లో ముహూర్తం దాకా ఉంటుంది.

ధర దాచకూడదన్నది నా పట్టుదల. లలితా జ్యువెలరీ కిరణ్‌కుమార్‌గారు టీవీలో తానే కనపడి, నగనీ ధరనీ ఫొటో తీసుకెళ్ళి వేరే కొట్లలో పోల్చి చూసుకోమని చెప్పారు. అంతమంది సినిమావాళ్ళు నగలకి ప్రకటనలు చేస్తుంటే తెలుగునాట ఇంటింటా అనుకరించింది మాత్రం ఆయన మాటల్నే. మీరు టీవీకి వెళ్ళనక్కర్లేదు. గాజు మీద ధర అంటించండి చాలు.

మంగళవారం కరపత్రం

పేపర్లో పెట్టి పంచే కరపత్రాలకి అందరూ ఆదివారమే అడుగుతారు. ఆదివారం పేపరు విప్పితే నాలుగైదు కాగితాలు ఒకేసారి జారిపడతాయి, అన్నీ కలిపి అలమార అరలో పరుస్తారు. మంగళవారం పెట్టించండి, మీదొక్కటే ఉంటుంది. తెల్లారుజామున పేపర్లు కట్టలు విప్పే చోటికి మీరే వెళ్ళండి. మడతలో పెట్టే కుర్రాళ్ళకి టీ ఇప్పించి, ఏ వీధికి అక్కర్లేదో వాళ్ళనే అడగండి. ఏ అపార్టుమెంటులో పేపరు మానేశారో, ఏ ఇంట్లో ఇంకా రెండు పేపర్లు వేయించుకుంటున్నారో వాళ్ళకి తెలిసినంతగా ఏ సర్వేకీ తెలియదు.

పేపరు చదివేవాళ్ళు తగ్గారు కదా అంటారు. తగ్గారు. మిగిలినవాళ్ళు ఎవరు? ఇంట్లో పెద్దాయన, పెద్దావిడ. మందుల షాపు, కళ్ళజోళ్ళు, నగల తాకట్టు, పొలం అమ్మకం, ఇంటి రిజిస్ట్రేషను, వీటన్నిటి మీదా ఆఖరి మాట వాళ్ళది. ఈనాడు 1989లో జిల్లాకొక చిన్న పేపరు మొదలుపెట్టాక చిన్న కొట్లవాళ్ళకి కూడా పేపరెక్కే దారి దొరికింది. ఇప్పటికీ ఆ పేజీల్లో శ్రద్ధాంజలి ఫొటోలని ఒక్కటి వదలకుండా చూస్తారు, తెలిసినవాళ్ళెవరైనా పోయారేమోనని. ఆ పేజీలోనే అడగండి. పెద్ద సైజు ఒక్కరోజు వేయించే డబ్బుతో అతి చిన్న సైజు నెలంతా వేయించండి, అదే మాటలు, అదే మూల. మాటలు మార్చమని బంధువులు పోరుపెడతారు. మార్చకండి.

పొగిడించుకోవద్దు

రీల్స్ చేసే కుర్రాళ్ళు వచ్చి, మీ బిర్యానీ అదిరిందని చెబుతాం, ఇంత ఇవ్వండి అంటారు. ఇవ్వాలనుంటే ఇవ్వండి గానీ ఒక షరతు పెట్టండి: వీడియో మొదట్లోనే, ఈ కొట్టు వాళ్ళు నాకు డబ్బిచ్చారు అని చెప్పాలి. డబ్బు తీసుకున్న సంగతి చెప్పి తీరాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. నేను చట్టానికి భయపడి చెప్పడం లేదు. డబ్బు తీసుకున్నానని ముందే చెప్పినవాడు తర్వాత ఉప్పు కాస్త ఎక్కువైందని కూడా చెప్పగలడు. ఉప్పు ఎక్కువైందని విన్నవాళ్ళే ముక్క బాగుందన్న మాటని నమ్ముతారు.

వాట్సాప్‌లో నోరు కట్టేసుకోండి

ఫోన్‌ని పూర్తిగా వదిలేయమనడం లేదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మంది పడతారు. అందులోనూ మీ నంబరు తమ ఫోన్‌లో దాచుకున్నవాళ్ళకే మీ సందేశం చేరుతుంది. దీన్ని అడ్డంకి అని తిట్టుకుంటారు, నాకైతే అందులో ఉన్న మంచే కనపడుతుంది. మీ కొట్టు పేరుతో నంబరు దాచుకున్న మనిషి సగం మీ మనిషే. ఆ మనిషికి పొద్దున్నే పువ్వుల బొమ్మ, సాయంత్రం ఆఫరు పంపి నంబరు తీసేయించుకోకండి.

కౌంటర్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎవరైనా వచ్చి, ఫలానాది ఉందా అని అడిగి, లేదనిపించుకుని వెళితే వాళ్ళ పేరు, నంబరు, అడిగిన వస్తువు రాసుకోండి. ఆ వస్తువు వచ్చిన రోజున వాళ్ళొక్కరికే ఫొటో పంపండి: “సుబ్బలక్ష్మిగారూ, మీరడిగిన ఆకుపచ్చ అంచు వచ్చింది, శనివారం దాకా పక్కన పెడతాను.” మరో మాట వద్దు.

అదే పుస్తకం వెనక పేజీల్లో, మా కొట్టు సంగతి ఎక్కడ చూశారు అని కొత్తవాళ్ళని అడిగి రాసుకోండి. సెలూన్‌లో చూశామని, మరలో చూశామని చెప్పేవాళ్ళు మొదట్లో ఉండరు. చాలామంది ఎవరో చెప్పారండీ అంటారు. ఆ ఎవరో ఎవరని ఆరా తీయకుండా అలాగే రాసుకోండి. మొదటి ఆరు నెలలూ లెక్క కట్టవద్దు. ఆ తర్వాత కూడా ఏ గోడ పేరూ పుస్తకంలో కనపడకపోతే ఆ గోడ మానేసి ఇంకోటి చూసుకోండి. మానేసేటప్పుడు బోర్డు తీసి, మేకుల కన్నాలు పూడ్చి, మీ ఖర్చుతోనే సున్నం వేయించి అప్పగించండి. ఆ సెలూన్ ఆయన కూడా మీ నాలుగు వీధుల్లో ఉండే మనిషే.