మా రోజుల్లో రిసెర్చ్ అంటే బస్సెక్కడమే

గ్రాఫిక్ డిజైన్ చదివే పిల్లల ఫైనల్ ప్రాజెక్టులు చూడ్డానికి అప్పుడప్పుడు నన్ను జ్యూరీలో కూర్చోబెడుతుంటారు. నలభై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణని పిలుస్తారు, నేనూ ఇష్టంగానే వెళ్తాను. పిల్లలకి నైపుణ్యం ఉంది, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. మేం రూలింగ్ పెన్నుతో ఊపిరి బిగబట్టి గీసిన గీతని వాళ్ళు రెండు క్లిక్కుల్లో గీసేస్తారు. రంగులు చక్కగా కలుపుతారు, మాట్లాడ్డానికి బెదరరు. వాటి మీద నాకేం ఫిర్యాదు లేదు. ప్రతి ప్రజెంటేషన్‌లోనూ మొదట్లోనే 'రిసెర్చ్' అని ఒక స్లైడ్ వస్తుంది. నా గొడవంతా ఆ స్లైడ్‌తోనే.

అందులో పింటరెస్ట్ నుంచి దించిన బొమ్మలుంటాయి. దాని పేరు మూడ్ బోర్డ్. పక్కన నాలుగు రంగుల గళ్ళు. తర్వాతి స్లైడ్‌లో నవ్వుతున్న ఒక అమ్మాయి ఫోటో: పేరు ప్రియ, వయసు 28, ఐటీ ఉద్యోగం, కాఫీ ఇష్టం, ప్రయాణాలు ఇష్టం. ఎవరమ్మా ఈ అమ్మాయి అంటే "యూజర్ పర్సోనా సార్" అంటారు. ఎక్కడ కలిశావు అంటే, కలవలేదు. ఫోటో నెట్‌లోది, కథ తను అల్లింది. 1999లో ఆలన్ కూపర్ తన పుస్తకంలో రాసి ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. చెడ్డ పద్ధతేం కాదు. వాడుకునేవాళ్ళని కలిసి, మాట్లాడి, వాళ్ళందరిలో కనిపించిన అవసరాలనీ అలవాట్లనీ ఒక మనిషిగా కూర్చుకోమన్నాడాయన. ఆ కలవడమూ మాట్లాడడమూ తీసేశాక ఇంకేం మిగిలింది? ఇక సర్వే అంటారా, ఒక గూగుల్ ఫామ్ తయారుచేసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పడేస్తారు. పక్క బెంచీ వాళ్ళు నింపుతారు. దాన్ని గుండ్రటి చార్టుగా మార్చి గోడ మీద వేస్తారు. రైతుల కోసం యాప్ చేసినా సరే, జవాబులిచ్చింది హాస్టల్ పిల్లలే.

నేను 1980ల మొదట్లో హైదరాబాదు మాసాబ్ ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో అప్లైడ్ ఆర్ట్ చదివాను. గ్రాఫిక్ డిజైన్ అనే మాట అప్పుడు మా నోట్లో పెద్దగా లేదు, కమర్షియల్ ఆర్ట్ అనేవాళ్ళం. ఒక ప్రాజెక్టుకి నాకు బీడీ కట్ట లేబుల్ వచ్చింది. పక్కవాడికి సబ్బు వచ్చింది, ఇంకొకడికి టూరిజం పోస్టర్. నాకేమో బీడీ. మొహం మాడ్చుకుని ఆ రాత్రే మూడు స్కెచ్‌లు వేసుకుని మర్నాడు మా మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వాటిని తిరగేసి కూడా చూడలేదు. "బీడీ ఎవరు కొంటారో, ఎలా అడిగి కొంటారో తెలుసుకుని రా. అప్పటిదాకా పెన్సిలు పట్టుకోకు" అన్నారు.

బేగంబజార్ వెళ్ళాను. హోల్‌సేల్ కొట్ల ముందు నిలబడితే, వచ్చినవాళ్ళు కంపెనీ పేరుతో అడగడం లేదని అర్థమైంది. ఏనుగు బొమ్మదివ్వు, ఎర్ర కాగితందివ్వు అంటున్నారు. చదువు రానివాళ్ళకి ఆ బొమ్మే పేరు, ఆ రంగే కంపెనీ. దుకాణాల్లో వెలుతురు తక్కువ, కట్టలు ఎత్తయిన అరల్లో ఉంటాయి. కింద నిలబడ్డవాడికి అంత దూరాన్నుంచి కనపడాలి. అక్కణ్ణుంచి నిజామాబాద్ వైపు వెళ్ళాను. ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ కూర్చుని ఉన్నారు. మాట్లాడుతున్నా చేతులు ఆగలేదు. లేబుల్ గురించి అడిగితే ఒకావిడ కాగితం పల్చనైతే అంటించేటప్పుడు చిరిగిపోతుందని చెప్పింది. ఆ మాట ఏ పుస్తకంలో దొరుకుతుంది?

అసలు సంగతి మాత్రం ప్రెస్సులో తెలిసింది. పాత లేబుళ్ళన్నిటిలోనూ బొమ్మ చుట్టూ లావుపాటి నల్లగీత ఉంటుంది. అప్పటిదాకా అది మోటు పని అనుకునేవాణ్ణి, సన్నటి గీతలతో నాజూగ్గా వేసి చూపించాలని నా ఉబలాటం. మెషిన్‌మ్యాన్ ఒక చెడిపోయిన షీటు తీసి చూపించాడు. ఎరుపు ఒకసారి, పసుపు ఒకసారి, నలుపు ఒకసారి వేరువేరుగా పడతాయి. చవక కాగితం, పాత మిషను, రంగు మీద రంగు సరిగ్గా కూర్చోదు, వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. ఆ జరిగిన అంచుని కప్పేది ఆ లావు నల్లగీత. గీత సన్నగా ఉంటే పక్కనుంచి తెల్ల కాగితం తొంగిచూస్తుంది. అంటే ఆ గీసినవాడు మోటువాడు కాదు, మిషను సంగతి తెలిసినవాడు. ఈ ఒక్క విషయం తెలిశాక, పాత లేబుళ్ళు, అగ్గిపెట్టెలు, క్యాలెండర్లు అన్నీ నాకు వేరేగా కనబడడం మొదలైంది. ప్రతి రూపం వెనకా ఒక కారణం ఉంటుంది. మేం రిసెర్చ్ అన్నది ఆ కారణం కోసం వెతకడాన్నే.

ఇప్పుడు పిల్లలకి 'రెట్రో' మీద మహా మోజు. ఈమధ్య ఒకబ్బాయి పాతకాలం అగ్గిపెట్టెల శైలిలో పోస్టర్ల వరస చేశాడు. చాలా అందంగా ఉన్నాయి. లావుపాటి నల్లగీత ఉంది, రంగు అంచు దాటి జరిగినట్టు కూడా కావాలని పెట్టాడు. గీత ఎందుకు లావుగా ఉందో అడిగాను. "ఆ కాలం స్టైల్ సార్" అన్నాడు. రంగు జరగడాన్ని కప్పడానికి పుట్టిన గీతనీ, గీత కప్పాల్సిన తప్పునీ రెండిటినీ పక్కపక్కన అలంకారంగా పెట్టాడు. ఒకదాని కోసం ఒకటి పుట్టిందని అతనికి తెలియదు. చెప్పాక కళ్ళు పెద్దవి చేసి విన్నాడు. తెలివైనవాడే. ఇన్నేళ్ళ చదువులో అతనికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఒక ప్రెస్సు లోపలికి తీసుకెళ్ళలేదు. అదే నా బాధ.

కలంకారీ ప్రాజెక్టులు ఏటా వస్తాయి. ఒకమ్మాయి పెడన బట్టలకి పెట్టెలు డిజైన్ చేసింది. పెట్టె మీద కృష్ణుడు, చుట్టూ గోపికలు, కలం పట్టుకున్న చెయ్యి.

"పెడనలో కలంతో గీస్తారామ్మా?"

"కలంకారీ కదా సార్..."

కలంతో గీసేది శ్రీకాళహస్తిలో. వెదురు పుల్ల కొనకి గుడ్డ చుట్టి, రంగులో ముంచి, పురాణ కథలు గీస్తారు. గుళ్ళలో వేలాడదీసే తెరలుగా పెరిగిన పని అది. బందరు పక్కన పెడనలో చేసేది చెక్క అచ్చుల పని. టేకు చెక్క మీద లతలూ పూలూ చెక్కి బట్ట మీద అద్దుతారు. గోల్కొండ నవాబుల కాలంలో బందరు రేవు నుంచి పరదేశాలకి సరుకు వెళ్ళింది, పర్షియా వాళ్ళ అభిరుచి ఆ లతల్లోకి వచ్చి చేరింది. రెండు చోట్లా బట్టని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. నలుపు రంగు ఇనప ముక్కల్నీ బెల్లాన్నీ కలిపి ఊరబెట్టి చేస్తారు. ఎరుపు పట్టాలంటే ముందు పటిక పడాలి. రంగుల వంట ఒకటే, రాత మాత్రం వేరు. ఆ అమ్మాయిది విజయవాడ. పెడనకి బస్సెక్కితే రెండు గంటల దారి. ఆరు నెలల ప్రాజెక్టులో ఆ రెండు గంటలు ఆమెకి దొరకలేదు. వెళ్ళుంటే ఆ అచ్చు చెక్కని చేత్తో పట్టుకునేది. దాని బరువు తెలిసేది, ఒక అచ్చు ముగిసిన చోట ఇంకో అచ్చు ఎలా అతుకుతుందో చూసేది. ఆ అతుకులోంచే పెట్టె అంచు డిజైన్ దానంతటదే వచ్చేది, ఊళ్ళో ఎవరూ గియ్యని కృష్ణుణ్ణి అరువు తెచ్చుకోవాల్సిన పని పడేది కాదు.

తెలుగు అక్షరం దగ్గరికొస్తే నా కోపం ఇంకా పెరుగుతుంది. హెల్వెటికా ఫాంట్ ఎవరు గీశారని అడగండి, క్లాసంతా చెప్తుంది: మాక్స్ మీడింగర్, 1957, స్విట్జర్లాండ్. మంచిదే, తెలియాలి. మరి తెలుగు అచ్చు అక్షరాలతో 1740ల్లోనే జర్మనీలోని హాలెలో పుస్తకాలు అచ్చేశారని ఎందరికి తెలుసు? మహిళల మీద చేసిన ఒక పోస్టర్‌లో 'స్త్రీ' అన్న అక్షరం మూడు ముక్కలై, ఒత్తులు విడిపోయి పక్కపక్కన నిలబడి ఉంది. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషల సెట్టింగ్ ఒకటుంటుంది, అది మార్చకపోతే ఇలాగే విరుగుతుంది. అది చిన్న సంగతి. గోడంత పోస్టర్ మీద అక్షరం విరిగి కనబడుతుంటే, చేసినవాడూ, గైడూ, క్లాసు మొత్తమూ చూసి ఎవరికీ తేడా తెలియకపోవడం మాత్రం చిన్న సంగతి కాదు. వరసల మధ్య ఇంగ్లీషుకి వదిలినంత జాగానే తెలుగుకీ వదులుతారు. పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. మన అక్షరం గీతకి పైనా కిందా రెండు వైపులా పెరుగుతుందని ఒక్కసారి చేత్తో రాసి చూసుకున్నా తెలుస్తుంది.

మేం ఆ పాఠం కంపోజిటర్ల దగ్గర నేర్చుకున్నాం. ట్రెడిల్ ప్రెస్సులో కేసు ముందు నిలబడితే తలకట్టుకో గడి, ఒత్తుకో గడి, కొమ్ముకో గడి, లెక్కలేనన్ని గళ్ళు. ఏ ఒత్తు ఎక్కడ కూర్చుంటుందో కంపోజిటర్ వేళ్ళకి తెలుసు. ఛత్తాబజార్‌లో ఉర్దూ రాసే కాతిబ్‌ల దగ్గర కూడా గంటలు గంటలు కూర్చున్నాను. కలం మొనతో ఒక చుక్క పెట్టి, ఆ చుక్కలతో అక్షరం ఎత్తూ వెడల్పూ కొలిచేవాళ్ళు. నాకు ఉర్దూ లిపి రాదు, అయినా అక్షరానికి కొలత అనేది ఒకటుంటుందని నాకు తెలిసింది ఆ చుక్కల వల్లే. తర్వాత తెలుగు టైటిళ్ళు రాసేటప్పుడు ఆ కొలతే వాడాను.

అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలో పాత ఆంధ్రపత్రిక సంపుటాలు తిరగేసేవాళ్ళం. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో అమృతాంజనం పెట్టి, 1908లో పత్రిక పెట్టారు. ఆ పాత ప్రకటనలు చూస్తే, మందు గురించి ఏమీ తెలియని మనిషికి దాన్ని ఎలా నమ్మకంగా చెప్పాలో అర్థమయ్యేది. జిరాక్స్‌కి మా దగ్గర డబ్బుల్లేవు, పెన్సిలుతో నోటుబుక్కులోకి ఎత్తిరాసుకునేవాళ్ళం. ఆ ఎత్తిరాయడంలోనే సగం చదువు అయింది. ఒక అక్షరాన్ని చూసి గీయాలంటే దాన్ని ప్రతి మలుపులోనూ చూడాలి. స్క్రీన్‌షాట్‌కి ఆ అవసరం లేదు, అది ఫోల్డర్లోకి వెళ్ళి పడుకుంటుంది.

నెట్ వద్దని నేనెందుకంటాను? ప్రెస్ అకాడమీ వాళ్ళు పాత తెలుగు పత్రికలెన్నో స్కాన్ చేసి పెట్టారు. ఆర్కైవ్.ఆర్గ్‌లో వేల తెలుగు పుస్తకాలున్నాయి. ఆ సౌకర్యం మాకుంటే ఎంత లాభపడేవాళ్ళమో! కానీ ఈ పిల్లలు అటు వెళ్ళరు. పింటరెస్ట్‌కి వెళ్తారు. అక్కడ బొమ్మ ఉంటుంది. ఎవరు వేశారో, ఏ సంవత్సరమో, ఎందుకు వేశారో ఉండదు. ఇప్పుడు ఏఐ కూడా వచ్చింది. ఒకరు తెచ్చిన ఏఐ లేబుల్ మీద తెలుగులాంటి వంకర్లు ఉన్నాయి, ఒక్కటీ అక్షరం కాదు. రిపోర్టు కూడా దానితోనే రాయించుకొస్తారు, చదివితే ఎక్కడా తడబాటుండదు. ఎవరినీ కలవకుండా, ఏదీ ముట్టుకోకుండా రాసినదాంట్లో తడబాటు ఎక్కణ్ణుంచి వస్తుంది? నా బీడీ రిపోర్టు నిండా కొట్టివేతలే. వెళ్ళిన ప్రతి చోటా నేననుకున్నది తప్పని తేలింది మరి.

తప్పంతా పిల్లల మీద తొయ్యను. కిందటేడు ఒకమ్మాయి మందుల చీటీల మీద ప్రాజెక్టు చేసింది. గవర్నమెంటు ఆస్పత్రి ఫార్మసీ వరసలో రోజూ పొద్దున నిలబడి, ముసలివాళ్ళు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఎలా గుర్తుపెట్టుకుంటున్నారో రాసుకుంది. కొందరు కవరు మూల చింపి గుర్తు పెట్టుకుంటున్నారు, కొందరు మనవణ్ణి అడిగి సూర్యుడి బొమ్మ వేయించుకుంటున్నారు. ఆ చిరుగునీ ఆ సూర్యుణ్ణీ తీసుకుని ఆమె కవరు తయారుచేసింది. చూడ్డానికి సాదాగా ఉందని మార్కులు తక్కువ పడ్డాయి. నేను గట్టిగా వాదించాను, మిగతావాళ్ళు ప్రజెంటేషన్‌లో మెరుపు లేదన్నారు. మెరుపుకి మార్కులేస్తే పిల్లలు మెరుపే తెస్తారు, ఆస్పత్రి వరసలో ఎందుకు నిలబడతారు?

ఆ రోజే కాలేజీ వాళ్ళకి చెప్పాను. ప్రాజెక్టు మొదటి నెల ల్యాప్‌టాప్ తెరవనివ్వకండి, ఒక ప్రెస్సుకో, పెడనకో, సంతకో పంపండి, నోటుబుక్కు చూసి మార్కులెయ్యండి అని. సెమిస్టర్లో అంత టైము లేదన్నారు, ప్లేస్‌మెంట్లకి పోర్ట్‌ఫోలియో కావాలన్నారు, పిల్లల్ని బయటికి పంపితే తల్లిదండ్రులు ఒప్పుకోరన్నారు. సాఫ్ట్‌వేర్లు నేర్పడానికి ప్రతి సెమిస్టర్లోనూ టైముంది. ఈసారి జ్యూరీకి పిలిస్తే స్లైడ్లు తర్వాత చూస్తానని, ముందు నోటుబుక్కులు బల్ల మీద పెట్టమని ఉత్తరం రాసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.