సుడో జిప్పర్ డప్: సటీకా తాత్పర్యము

మూలము:
సుడో జిప్పర్ డప్

అవతారిక. ఓపెన్‌సూసా టంబుల్‌వీడ్ అనే లినక్స్‌ను కంప్యూటర్‌లో పెట్టుకున్నవారు వారానికోసారైనా నల్లటి తెర మీద ఈ మూడు మాటలూ కొట్టక తప్పదు. కొట్టేవాళ్లలో చాలామందికి అర్థంతో పని లేదు, పని జరిగితే చాలు. అలాంటివారి కోసమే ఈ టీక. మూలం మూడు మాటలై వ్యాఖ్య మూడు పుటలు కావడం మన దేశంలో తప్పు కాదు. మెదక్ సీమ కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు ఆ ఒట్టులో మొదటి సగమే పెట్టుకున్నాడు.

వ్యాఖ్యకు ఒక పాఠకుడు కావాలి కనుక పట్టిసీమలో ఒకణ్ణి ఊహించుకుందాం. ఉద్యోగం హైదరాబాదులో. శివరాత్రి తీర్థానికి ఊరొచ్చాడు. పడవ దాటి లంకలో వీరభద్రస్వామిని చూసుకుని వచ్చి, అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. నెట్ ఫోన్‌లోంచి వస్తోంది. ఇంతకు మించి అతని గురించి మూలంలో లేదు.

ప్రతిపదార్థము. సుడో = సర్వాధికారి హోదాతో; జిప్పర్ = జిప్పర్ అను ప్యాకేజీల నిర్వాహకమా; డప్ = రెపోలలో, అనగా ప్యాకేజీల భాండాగారములలో, ఏది ఎట్లున్నదో ఈ యంత్రములోనూ అది అట్లే ఉండునట్లు సమస్తమును మార్చుము. కర్త అధ్యాహార్యము, అనగా పైకి చెప్పలేదు. యంత్రం మళ్లీ లేవకపోయిన నాడు కర్త ఎవరో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

తాత్పర్యము. ఉబుంటు వంటివి ఆరు నెలలకో కొత్త ముద్రణ వేస్తాయి. టంబుల్‌వీడ్‌కు ముద్రణలు లేవు, ప్రవాహం ఒక్కటే. దాన్నే రోలింగ్ రిలీజ్ అంటారు. 2002లో జడ్ వినెట్ మొదలుపెట్టిన ఆర్చ్ లినక్స్‌దీ ఇదే దారి. టంబుల్‌వీడ్ ఇప్పటి రూపానికి వచ్చింది 2014 నవంబరులో, ఫ్యాక్టరీ అనే ప్రయోగశాలను దానిలో కలిపేశాక. అయితే వచ్చిన ప్రతి మార్పునూ వచ్చినట్టే జనం మీదికి వదలరు. వేల ప్యాకేజీలను ఒక కట్టగా కట్టి, ఓపెన్‌క్యూఏ అనే యంత్రాంగం చేత ఉత్తుత్తి కంప్యూటర్లలో ఎక్కించి, తెర వెలిగిందా, బ్రౌజర్ తెరుచుకుందా అని పరీక్ష చేయించి, నెగ్గితేనే వదులుతారు. కట్టకు పేరు ఆనాటి తేదీయే. 20240328 అన్నట్టు. పరీక్ష నెగ్గింది ఆ కట్ట మొత్తమే తప్ప దానిలోని ఏ ఒక్క ప్యాకేజీ విడిగా కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. ఈ టీక అంతా దీని మీదే నడుస్తుంది.

శంక. జిప్పర్‌కు 'అప్' అనే పొట్టి మాట కూడా ఉంది కదా, అది చాలదా?

సమాధానము. చాలదు. 'అప్' ఉన్న ప్యాకేజీకి కొత్త వెర్షన్ వస్తే తెస్తుంది, అంతవరకే. టంబుల్‌వీడ్‌లో ఒక ప్యాకేజీ రెండుగా చీలుతుంది, ఇంకొకటి పేరు మార్చుకుంటుంది, మరొకటి రెపోలోంచి పోతుంది, అప్పుడప్పుడు ఒకటి వెనక్కి కూడా వెళుతుంది. వీటన్నిటినీ ఒప్పుకుని నడిచేది 'డప్' ఒక్కటే. 'అప్'తో నెట్టుకొచ్చిన యంత్రంలో సగం ఒక కాలానిదీ సగం మరో కాలానిదీ అయి కూర్చుంటుంది.

ఆర్చ్ సంప్రదాయంలో ఇదే నియమం ఇంకా కటువుగా ఉంది. అక్కడి ప్యాకేజీల నిర్వాహకం పాక్‌మన్, సూత్రం 'పాక్‌మన్ -ఎస్‌వైయు'. చివరి 'యు' వదిలేసి, 'ఎస్‌వై' అని ఒక్క ప్యాకేజీ పేరు మాత్రం కొడితే జాబితా కొత్తదవుతుంది, యంత్రం పాతదిగానే ఉంటుంది, మధ్యలో ఆ ఒక్క ప్యాకేజీ కొత్త లైబ్రరీ కావాలని పట్టుబడుతుంది. ఆ లైబ్రరీ మారితే దాని మీద ఆధారపడ్డ పాతవి లేవవు. దీన్ని పాక్షిక అప్‌గ్రేడ్ అంటారు. ఆర్చ్ వారు దీనికి పూచీ పడమని రాసి పెట్టుకున్నారు. ఉత్సర్గానికి, అంటే సాధారణ నియమానికి, అపవాదం ఒకటుంది. చాలా నెలలు మూసిపెట్టిన యంత్రంలో సంతకాలు సరిచూసే తాళాల గుత్తి పాతబడిపోతుంది, కొత్త ప్యాకేజీల సంతకాన్ని అది గుర్తుపట్టదు. అప్పుడు 'ఆర్చ్‌లినక్స్-కీరింగ్' అనే ప్యాకేజీని ముందు ఒక్కటే తెచ్చుకుని, ఆ వెంటనే మిగతాదంతా మార్చవచ్చు. 'ఆ వెంటనే' అన్నది ఇక్కడ విధి, సలహా కాదు.

రెండవ సూత్రము:
జిప్పర్ ఎల్ఆర్ -డి

ఇది ప్రశ్నార్థకం. ఈ యంత్రం ఎక్కడెక్కడి నుంచి తెచ్చుకుంటోంది అని అడగడం. మొదటి సూత్రం కొట్టేవాళ్లలో ఈ రెండవది కొట్టేవాళ్లు తక్కువ. తిప్పలన్నీ మొదలయ్యేది ఇక్కడే. కొత్తగా పెట్టుకున్న టంబుల్‌వీడ్‌లో ఓఎస్ఎస్, నాన్-ఓఎస్ఎస్, అప్‌డేట్, ఓపెన్‌హెచ్264 అనే రెపోలు కనిపిస్తాయి. మొదటిది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భాండాగారం. చివరిది సిస్కో కంపెనీ పంచే వీడియో కోడెక్ కోసం. ఆ తర్వాత మన పాఠకుడు సినిమా చూడాలనుకుంటాడు. పేటెంట్ల భయంతో ఓపెన్‌సూసా వాళ్లు పూర్తి కోడెక్‌లు ఇవ్వరు కనుక ప్యాక్‌మన్ (ఆర్చ్ వారి పాక్‌మన్ కాదు) అనే బయటి రెపోను కలుపుకుంటాడు. ఇంతవరకు లోకసమ్మతమే. ఎన్వీడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే దాని రెపో ఒకటి, అదీ సరే. ఆ తర్వాత ఏదో ఒక్క ప్యాకేజీ కోసం ఎవరో ఔత్సాహికుడి హోమ్ రెపో తగిలిస్తాడు. పని అయిపోతుంది, రెపో ఉండిపోతుంది. రెండేళ్లకు దాన్ని నడిపేవాడు మానేసి ఉంటాడు, మన పాఠకుడు మరచిపోయి ఉంటాడు, జిప్పర్ మాత్రం ప్రతి వారం భక్తిగా ఆ గుమ్మం తొక్కుతూనే ఉంటుంది.

ఇలా పలుచోట్ల నుంచి తెచ్చి కలపడం నీళ్లకైతే చెల్లుతుంది. 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులు. 8500 క్యూసెక్కుల గోదావరి నీళ్లను పోలవరం కుడి కాలువలోకి ఎత్తి పోయగలవు. ఆ నీళ్లు కృష్ణలో కలిసి ప్రకాశం బ్యారేజీ దగ్గర తేలతాయి. అక్కడి వరిచేను తాను ఏ నది నీళ్లు తాగుతున్నానో అడగదు. ప్యాకేజీలు అడుగుతాయి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీలలో కొన్ని ఓఎస్ఎస్‌వీ కొన్ని ప్యాక్‌మన్‌వీ అయితే, వీఎల్‌సీ తెరుచుకుంటుంది గాని బొమ్మ రాదు. బొమ్మ వస్తే శబ్దం రాదు. అందుకే జిప్పర్ ప్రతి ప్యాకేజీకి దాని సరఫరాదారు పేరు గుర్తుపెట్టుకుంటుంది, చెప్పకుండా సరఫరాదారుని మార్చదు. ప్యాక్‌మన్ కలుపుకున్నప్పుడు కోడెక్‌లన్నిటినీ ఒకేసారి అటు మళ్లించి, '--అలౌ-వెండర్-చేంజ్' అని నోటితో చెప్పాలి. సగం మళ్లిస్తే మాత్రం పైన చెప్పిన మూకీ, టాకీ కష్టాలు తప్పవు.

ప్రాధాన్య విచారము. ప్రతి రెపోకూ ఒక అంకె ఉంటుంది. ఏమీ చెప్పకపోతే 99. అంకె తగ్గిన కొద్దీ మర్యాద పెరుగుతుంది. ప్యాక్‌మన్‌కు 90 ఇవ్వడం వాడుక. ఇదేదో సర్వరోగ నివారిణి అనుకుని నాలుగైదు రెపోలకు నాలుగైదు అంకెలు వేసుకునేవారున్నారు. అంకెల తూకంతో నిలబడవలసినన్ని రెపోలు పెట్టుకోవడమే మొదటి పొరపాటని టీకాకారుడి అభిప్రాయం. పెట్టుకున్నవాటిలో అక్కరలేనిదాన్ని 'జిప్పర్ ఆర్ఆర్' అని తీసెయ్యడానికి అర నిమిషం పట్టదు.

ఒక్కోసారి 'డప్' కొట్టగానే జిప్పర్ చిక్కుప్రశ్న వేస్తుంది: ఫలానాది తీసెయ్యనా, పాతది అట్టిపెట్టనా, విరిగినా సరే కానివ్వనా? టంబుల్‌వీడ్‌లో లైబ్రరీ మారి, ప్యాక్‌మన్ వాళ్లు దానికి తగ్గట్టు ఇంకా కట్టనప్పుడు వచ్చే ప్రశ్న ఇది. మూడింటిలో ఏదీ ఎంచుకోకుండా 'సి' కొట్టి బయటికొచ్చి, రెండు రోజులు ఆగడం ఉత్తమం. ఎన్నిక బటన్ కనిపించగానే ఏదో ఒకటి నొక్కి తీరాలన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు.

నామ విచారము. రెపోల పేర్లు కూడా శాశ్వతం కావు. ఆర్చ్ వారు 2023 మేలో 'కమ్యూనిటీ' అనే రెపోను 'ఎక్స్‌ట్రా'లో కలిపేశారు. పాత పేరుతో ఖాళీ అరను కొంతకాలం అట్టే ఉంచారు. 2025 మార్చి ప్రాంతంలో ఆ అరను కూడా తీసేశారు. సెట్టింగుల ఫైలును ఏళ్ల తరబడి ముట్టుకోనివారికి ఆ వారం పాక్‌మన్ ఎర్రగా తిట్టింది. ఇలాంటి తద్దినం తప్పించడానికే టంబుల్‌వీడ్ వారు 'ఓపెన్‌సూసా-రెపోస్' అనే ప్యాకేజీ తయారుచేశారు. చిరునామాలు మారితే ఆ ప్యాకేజీయే దిద్దుకుంటుంది.

ప్రక్షిప్త విచారము. పాత తాళపత్రాల మీద పనిచేసినవారికి ప్రక్షిప్తాలంటే తెలుసు. కవి రాయని పద్యం నకలు రాసేవాడి చేతి మీదుగా కావ్యంలో చేరి, తరతరాలుగా కవి పేరుతోనే చలామణి అవుతుంది. రాజమండ్రిలోనూ కొలువు చేసిన సీపీ బ్రౌన్ ఒక్కో కావ్యానికి ప్రతులు పోగుచేయించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి పోల్పించింది అందుకే. ప్యాకేజీల లోకంలో ఒక పెద్ద ప్రక్షిప్తం 2024లో బయటపడింది. ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' అనే చిన్న పనిముట్టు దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒంటరిగా మోస్తున్నవాడు లాస్సె కొలిన్. జియా టాన్ అనే పేరుతో ఒకరు 2021 నుంచి ఓపిగ్గా సాయం చేస్తూ చేస్తూ, చివరికి పెత్తనంలో భాగస్వామి అయ్యారు. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దూరం నుంచి యంత్రంలోకి ప్రవేశం ఇచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ తలుపు దొంగతనంగా తెరిచే కోడ్ చేర్చారు.

ఇక్కడ గడుసుతనం చూడాలి. అందరికీ కనిపించే గిట్ మూలంలో ఆ పన్నాగాన్ని కదిలించే కీలక ఫైలు లేదు. విడుదలకు కట్టిన మూటలో మాత్రమే ఉంది. మూలం చదివినవాడికి దోషం దొరకదు, నకలు తెచ్చుకున్నవాడికి విషం దొరుకుతుంది. పట్టుకున్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఇంజనీరు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి, మార్చి 29న లోకానికి చెప్పాడు.

ఆ దుష్టపాఠం టంబుల్‌వీడ్‌లో ఉన్నది 2024 మార్చి 7 నుంచి 28 దాకా. ఆ ఏడు శివరాత్రి మార్చి 8. అంటే మన పాఠకుడు జాగారానికి కాలక్షేపంగా 'డప్' కొట్టి ఉంటే, పుణ్యంతో పాటు అది కూడా దిగి ఉండేది. కొత్తవి అందరికంటే ముందు అందుకునేవాడికి ప్రక్షిప్తం కూడా ముందే అందుతుంది. ఉబుంటు, డెబియన్‌ల స్థిర ముద్రణలకు ఆ పాఠం చేరనే లేదు. ఇది రోలింగ్‌కు పూర్వపక్షం, గట్టి పూర్వపక్షమే. దీనికి సమాధానంగా చెప్పగలిగింది, విరుగుడు కూడా అదే వేగంతో వచ్చిందని. ఎస్ఎస్‌హెచ్ తలుపు ఇంటర్నెట్ వైపు తెరిచిపెట్టినవారిని మాత్రం విరుగుడుతో సరిపెట్టుకోవద్దు, యంత్రాన్ని మొదటి నుంచి కట్టుకోమన్నారు.

ఈ సందర్భంలో నన్నయ ఊరి పక్కనున్న పట్టిసీమవాళ్లకు ఎర్రన గుర్తుకు రావడం సహజం. నన్నయ రాజమహేంద్రవరంలో అరణ్యపర్వం మధ్యలో వదిలేసిన భారతాన్ని, తిక్కన ఆ పర్వం జోలికి పోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించి, అంకితం మాత్రం నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే ఇచ్చాడు. పేరు కోసం పాకులాడని శేషపూరణం అది. జియా టాన్ చేసిందీ శేషపూరణమే. పైకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి కనుకనే రెపోలు నడిపేవాళ్లకు నిద్ర పట్టదు.

పాఠాంతరము. విరుగుడు పంపేటప్పుడు ఒక వింత చిక్కు వచ్చింది. మంచి పాఠం పాతది, 5.4. చెడ్డ పాఠం కొత్తది, 5.6.1. 'అప్' వంటి మామూలు అప్‌డేట్ పెద్ద అంకెనే తీసుకుంటుంది, వెనక్కి నడవదు. అందుకని టంబుల్‌వీడ్ వారు పాత ప్యాకేజీకి '5.6.1.రివర్ట్‌టు5.4' అని పేరు పెట్టారు. డెబియన్ వారు '5.6.1+రియల్లీ5.4.5' అన్నారు. ఒకరిది 'తిరిగి వెళ్లినది' అనే శైలి, ఇంకొకరిది 'నిజం చెప్పాలంటే' అనే శైలి. టీకాకారుడికి రెండోదే నచ్చింది.

ప్రయోగ విశేషము. టంబుల్‌వీడ్‌ను బిటిఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద పెట్టుకుంటే, ప్రతి 'డప్'కు ముందూ వెనకా స్నాపర్ అనే పనిముట్టు ఒక ప్రతి తీసి దాస్తుంది. యంత్రం చెడితే బూట్ మెనూలో పాత ప్రతిని ఎంచుకుని లోపలికి వెళ్లి, 'స్నాపర్ రోల్‌బ్యాక్' అనాలి. ఇది వ్యవస్థకే వర్తిస్తుంది. హోమ్ ఫోల్డర్‌లోని పెళ్లి ఫోటోలకు దీనితో సంబంధం లేదు, వాటికి వేరే బ్యాకప్ ఉండాలి.

ఇక ఫోన్ నెట్ సంగతి. జీసీసీ కంపైలరో, జీలిబ్‌సీ లైబ్రరీయో మారినప్పుడు ప్యాకేజీలు పెద్ద ఎత్తున మళ్లీ కడతారు, కట్ట వందల మెగాబైట్లు దాటి జీబీల్లోకి పోతుంది. పట్టిసీమ అరుగు మీద సిగ్నల్ పోయి వచ్చే వేళ అంతా ఒకే ఊపులో తెచ్చి ఎక్కించబోవడం మంచిది కాదు. సూత్రం చివర '--డౌన్‌లోడ్-ఓన్లీ' చేరిస్తే తెచ్చి దాచి ఊరుకుంటుంది, యంత్రాన్ని ముట్టుకోదు. తెచ్చుకోవడం పూర్తయ్యాక ఎక్కించేటప్పుడు మాత్రం 'జిప్పర్ --నో-రిఫ్రెష్ డప్' అనాలి. లేదంటే ఈలోగా రెపోలో మరో తేదీ కట్ట వచ్చి ఉంటే, జిప్పర్ జాబితా తాజా చేసుకుని, రాత్రంతా తెచ్చినదానిలో సగం పక్కన పడేసి మళ్లీ మొదలుపెడుతుంది.