మూడో కృష్ణుడి ముక్కు

ఈమధ్య దేవుడి సినిమా ఏది వచ్చినా మా ఇంట్లో ఒకటే తంతు. ముందు కుర్రకారంతా ఫోన్లో ట్రైలర్ చూసి గంతులేస్తారు. ఆనక వేలకు వేలు పోసి టిక్కెట్లు కొని, పాప్‌కార్న్ డబ్బాలతో వెళ్ళి, మూతులు ముడుచుకుని తిరిగొస్తారు. అప్పుడు గుర్తొస్తాను నేను. "తాతయ్యా, రామాయణం ఇంతేనా?" అని అడుగుతారు. ఇంతే అయితే ఇన్ని తరాలు ఎవడు విన్నాడ్రా నాయనా! వాళ్ళు తీసింది ఇంతే. రండి, కూర్చోండి. ఎలాగూ మీ ఫోన్లు ఛార్జింగులో ఉన్నాయిగా.

మా రోజుల్లో రామాయణం చెవులతో వినేవాళ్ళం. మాది తెనాలి దగ్గర పల్లె. శ్రీరామనవమికి తాటాకు పందిరి వేసి, పానకం, వడపప్పు పంచి, రాత్రిళ్ళు ఒకరోజు హరికథ, ఒకరోజు బుర్రకథ, ఆఖరి రోజు నాటకం పెట్టేవారు. హరిదాసు గారు వచ్చేది ఒక్కరే. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ, పక్కన ఒక హార్మోనియం, ఒక మృదంగం. ఆయనే రాముడు, ఆయనే సీత, సముద్రమూ ఆయనే. సరిగ్గా వారధి కట్టబోయే సమయానికి ఆపేసి, మా ఊరి కరణం గారి పిసినారితనం మీద ఓ పిట్టకథ ఎత్తుకునేవారు. అది పావుగంట సాగినా అడిగినవాడు లేడు. అంతసేపూ వానరసేన సముద్రం ఒడ్డున ఓపిగ్గా కూర్చునే ఉండేది. ఇప్పుడో? మూడు నిమిషాలు యుద్ధం లేకపోతే మీరు ఫోన్ వెలిగిస్తారు.

ఇక నాటకాల సంగతి. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడంటే పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవారు. షణ్ముఖి ఆంజనేయరాజు గారి రాగాలకు వేరే జనం. తిరుపతి వెంకట కవుల పద్యం హార్మోనియం మీద అలా పైకి లేస్తుంటే పందిరి మొత్తం 'వన్స్ మోర్' అని అరిచేది. అప్పుడే చచ్చి పడిపోయినవాడు కూడా లేచి, బట్టలు దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. కాంట్రాక్టు నాటకాల్లో ఇంకో వింత ఉండేది. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉండేవారు. పడకసీనుకి ఒకాయన, రాయబారానికి ఒకాయన, యుద్ధానికి ఒకాయన. ఒకాయన సన్నం, ఒకాయన బొద్దు, మూడో ఆయనది కోటేరు ముక్కు. ఇందాకటి కృష్ణుడి ముక్కు ఇప్పుడు ఇలా అయిందేమిటని ఒక్క పసివాడైనా అడిగిన పాపాన పోలేదు. ఎందుకంటే మేం చూస్తున్న కృష్ణుడు ఆ ముగ్గురిలో ఎవరూ కాదు. ఆయన మా లోపల ఉన్నాడు. ఈ ముగ్గురూ ఆయనకు గొంతు అరువిచ్చేవాళ్ళు, అంతే.

ఇప్పుడు వందల కోట్లు పోసి ఒకే ఒక్క రాముణ్ణి చూపిస్తే దేశం దేశమంతా ముక్కు బాగాలేదు, మీసం బాగాలేదు అంటోంది. 'ఆదిపురుష్' సంగతే చూడండి. 2022 అక్టోబరులో అయోధ్యలో టీజర్ వదిలారు. అది చూసి జనం నవ్వారు. సంక్రాంతికి రావలసిన సినిమాను వాయిదా వేసి, మెరుగులు దిద్ది, 2023 జూన్ 16న వదిలారు. మళ్ళీ నవ్వారు. రావణుడి తలలు రెండు వరసల్లో పేర్చారు. పుష్పకవిమానం వదిలేసి ఆయన్ని గబ్బిలం లాంటి జంతువు మీద ఎక్కించారు. ప్రతి థియేటర్లో హనుమంతుడికి ఒక సీటు ఖాళీగా ఉంచుతామని ప్రకటించారు, అది మాత్రం నాకు నచ్చింది. కానీ స్వామి నిజంగానే వచ్చి కూర్చుని ఉంటే ఇంటర్వెల్లో సంజీవని పని ఉందని చెప్పి లేచిపోయేవాడే.

ఆ సినిమా మీద గొడవంతా ఎక్కడ మొదలైంది? హిందీలో హనుమంతుడి నోట వీధిరౌడీ మాటలు పెట్టారని. కొద్దిరోజులకే ఆ మాటలు మార్చారు కూడా. ఇక్కడే నా కడుపు మండుతుంది, కాస్త నిదానంగా చెబుతాను. కిష్కింధాకాండలో హనుమంతుడు మొదటిసారి భిక్షువు వేషంలో వచ్చి మాట్లాడితే రాముడు మెచ్చుకున్నది ఆయన బలాన్ని కాదు, తోకను కాదు, మాటను. లక్ష్మణుడితో ఏమంటాడు? వేదాలు చదవనివాడు, వ్యాకరణం బాగా నేర్వనివాడు ఇలా మాట్లాడలేడు, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదు అంటాడు. ఆ కథలో హనుమంతుడికి పరిచయపత్రం ఆయన నోరే. సముద్రం దాటడం తర్వాత సంగతి. అలాంటివాడి కండలకు కంప్యూటర్లు పెట్టి, నోటికి మాత్రం సందు చివర పాన్‌షాపు భాష పెడితే ఇంకేం మిగిలింది?

మీలో చదువుకున్నవాళ్ళు ఇంకో మాట అంటారు, నాకు తెలుసు. గ్రంథంలో ఉన్నది ఉన్నట్టు తీయలేదు కాబట్టి జనానికి నచ్చలేదని. అదంతా పుస్తకాల షెల్ఫు వాదన. ఉన్నది ఉన్నట్టు మా వాళ్ళు మాత్రం ఎప్పుడు తీశారు? 1957లో వచ్చిన 'మాయాబజార్' మన సినిమాలన్నిటికీ తలమానికం అంటారు, నేనూ అంటాను. వ్యాసుడి భారతంలో శశిరేఖ అనే పిల్లే లేదు. ఆ కథ నాటకాల వాళ్ళ దగ్గర నుంచి వచ్చింది. భారత కథ పేరుతో అంత పెద్ద సినిమా తీసి పాండవులను ఒక్కసారి కూడా తెర మీదికి రానివ్వలేదు కె.వి.రెడ్డి గారు. ఎవరికైనా లోటు తెలిసిందా? 1977లో 'దానవీరశూరకర్ణ'లో రామారావు గారు కర్ణుడూ తానే, దుర్యోధనుడూ తానే, కృష్ణుడూ తానే అయి, పైగా దుర్యోధనుడికి ఒక యుగళగీతం కూడా పెట్టుకున్నారు. వ్యాసుడు వింటే గంటం కింద పెట్టేసేవాడు. మేం మాత్రం కొండవీటి వెంకటకవి గారి మాటలు కంఠతా పట్టి, పెళ్ళి పందిళ్ళలో మైకు సెట్టు మీద పాటలకు బదులు ఆ డైలాగులే వేయించుకున్నాం. అంతెందుకు, లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు. లేదు కదా అని ఏ దర్శకుడైనా ఆ గీత గీయకుండా వదిలేస్తే హాల్లో కుర్చీలు మిగులుతాయా?

కాబట్టి జనం అడిగేది శ్లోకానికి శ్లోకం కాదు. కథ అందరికీ తెలిసిందే. సీతను ఎవరు ఎత్తుకుపోయారో తెలుసుకుందామని ఏ ముసలమ్మా టిక్కెట్టు కొనదు. తెలిసిన కథను నువ్వు ఎలా చెబుతావో విందామని వస్తుంది. పింగళి నాగేంద్రరావు, సదాశివబ్రహ్మం, సముద్రాల రాఘవాచార్య గార్లకు ఆ సంగతి తెలుసు, వాళ్ళు పద్యాల నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు. ఇప్పటి సినిమా కథంతా కొత్తగా తానే కనిపెట్టినట్టు చూపిస్తుంది, మాట మాత్రం చెప్పదు. పాన్ ఇండియా అట! ఒకేసారి అన్ని భాషల్లోనూ ఆడాలంటే ఏ భాషకూ ఉప్పూ కారం ఉండకూడదు. పైగా మేం ఊహించుకోవడానికి అంగుళం చోటు వదలరు. రాక్షసుడి ఒంటి మీద వెంట్రుకలు కూడా లెక్కపెట్టుకోమంటారు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం వరకు సరే, వీళ్ళు నమిలి మరీ నోట్లో పెడుతున్నారు.

'లవకుశ' వచ్చినప్పుడు చూడాలి మీరు! 1963. తెలుగులో మొట్టమొదటి పూర్తి నిడివి రంగుల సినిమా. డబ్బుల్లేక ఏళ్ళ తరబడి ఆగి ఆగి తీశారు. సి.పుల్లయ్య గారు మొదలుపెడితే కొడుకు సి.ఎస్.రావు గారు పూర్తి చేశారు. మా టూరింగు టాకీసుకి ఆ రీళ్ళు రావడానికి ఇంకెంత కాలం పట్టిందో. వచ్చాక ఊళ్ళో ఎద్దులకు విశ్రాంతి లేదు. ముందు ఘంటసాల గారి వెంకటేశ్వరస్వామి పాట వేసేవారు. అది వినపడితే ఆట మొదలవబోతోందని గుర్తు, చెరువుగట్టు మీద ఉన్నవాళ్ళు కూడా పరుగు లంకించుకునేవారు. నేల టిక్కెట్టు, ఇసుక కుప్ప చేసుకుని దాని మీద కూర్చోవడం, రీలు మార్చే విరామంలో వేరుశనక్కాయలు. అంజలీదేవిని అడవిలో వదిలే చోట ఆడవాళ్ళు గట్టిగా ఏడ్చేవారు, మగవాళ్ళు బీడీ పొగ అని కళ్ళు తుడుచుకునేవారు. మధ్యలో రేలంగి, గిరిజ చాకలి దంపతులుగా వచ్చి నవ్వించేవారు. రాముడి కొంపకు నిప్పుపెట్టిన మాట ఆ ఇంట్లోంచే వచ్చిందని తెలిసీ నవ్వేవాళ్ళం. దుఃఖాన్నీ హాస్యాన్నీ ఒకే విస్తట్లో వడ్డించే ధైర్యం అప్పుడుండేది. ఇప్పుడు సినిమా మొదట్లోనే ఎవరి మనోభావాలనూ నొప్పించే ఉద్దేశం లేదని పేజీడు కాగితం వేసి, భయం భయంగా మూడు గంటలు నడిపిస్తారు.

ఇంత చెప్పాను కదా, ఒక సంగతి దాచడం న్యాయం కాదు. మేమంతా 'లవకుశ' చూసి ఊగిపోతుంటే మా తాత మాత్రం అరుగు మీద కూర్చుని గొణిగేవాడు. "రంగులెందుకురా, సీతమ్మ చీర మీద రంగులు చూస్తారు గానీ కష్టం చూస్తారా? 1934లో ఇదే పుల్లయ్య గారు తీసిన లవకుశలో పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. అదీ సినిమా!" ఆ పాత లవకుశ వచ్చినప్పుడు వాళ్ళ నాన్న సురభి వాళ్ళ నాటకం ముందు ఈ బొమ్మలాట ఎంత అని తిట్టి ఉంటాడు. ఆయన తాత తోలుబొమ్మలను తలుచుకుని ఉంటాడు. మా వంశంలో ఇది ఆస్తి, చేతులు మారుతూ వస్తోంది. పోనీ రామారావు గారైనా పుట్టుకతో కృష్ణుడా? 1956లో 'సొంత ఊరు' అనే సినిమాలో కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనానికి నచ్చలేదు. ఆ దెబ్బకు 'మాయాబజార్'లో ఆ వేషం వేయడానికి ఆయనే జంకారు. కె.వి.రెడ్డి గారు పట్టుబట్టి కిరీటం దిద్ది నిలబెట్టారు. ఆ మరుసటి ఏడాదికే ఆయన బొమ్మలు దేవుడి గదుల్లోకి ఎక్కాయి. అయితే ఒకటి, మేం ఈలలు వేసి గోల చేసినా అందులో ఒక పద్ధతి ఉండేది. మీలా మీములు చేయలేదు.

1987లో రామానంద్ సాగర్ గారి రామాయణం దూరదర్శన్‌లో మొదలైంది. ఆదివారం పొద్దున్నే ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క టీవీ ముందు ఊరంతా కూర్చునేది. టీవీకి దండ వేసి, అగరొత్తులు వెలిగించి మరీ చూశాం. మాకు హిందీ 'అచ్ఛా' దాకానే వచ్చు. బాణాలు గాల్లో ఎదురుపడి టపటపా పేలేవి, మీ పిల్లలు చూస్తే నవ్వి చచ్చిపోతారు. అయినా ఏడ్చాం. మాటే ముఖ్యమని ఇందాకే కదా అన్నావు, అర్థంకాని మాటకు ఎలా ఏడ్చావు అంటారేమో. తెలుగు మాటలు మేమే వేసుకున్నాం! అంతకుముందు ఎన్నో ఆదివారాల మధ్యాహ్నాలు విజయవాడ రేడియోలో ఉషశ్రీ గారు చెప్పిన రామాయణం చెవుల్లో ఉంది. రాముడి వేషంలో అరుణ్ గోవిల్ పెదాలు కదుపుతుంటే మాకు ఉషశ్రీ గారి గొంతు వినిపించేది. 2020లో లాక్‌డౌన్ వచ్చి అదే పాత సీరియల్ మళ్ళీ వేస్తే, ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ లెక్క చెప్పింది. ఆ బాణాలకు నవ్విన మా మనవలు కూడా లంకాదహనం దాకా కదల్లేదు. సరే, బయట పోలీసులున్నారు, కదిలినా వెళ్ళే చోటు లేదనుకోండి.

2011లో బాపు గారు 'శ్రీరామరాజ్యం' తీస్తున్నారంటే, నయనతార సీతమ్మ ఏమిటని అందరికంటే ముందు ముక్కు విరిచినవాణ్ణి నేనే. మాటలు రాసిన ముళ్ళపూడి వారు సినిమా విడుదల కాకుండానే పోయారు. హాల్లో నా కళ్ళ వెంట నీళ్ళు కారిన మాట నిజమే, ఏసీ గాలి నేరుగా నా మొహం మీదికే కొట్టింది. మొన్న 2025లో 'మహావతార్ నరసింహ' అని బొమ్మల సినిమాకు లాక్కెళ్ళారు. ఒక్క హీరో లేడు, అన్నీ కంప్యూటర్ బొమ్మలు. అయినా స్తంభం పగిలేసరికి హాలంతా చేతులెత్తి దండం పెట్టింది. హీరో మొహం అడ్డం లేదు కాబట్టి దేవుడు కనిపించాడని నా సిద్ధాంతం. మా ఆవిడ సిద్ధాంతం వేరు, ముసలాడికి చెవుడొచ్చి సౌండ్ సరిపోయిందట.

ఇప్పుడు మళ్ళీ ఇంకో రామాయణం తీస్తున్నారట. రణబీర్ కపూర్ రాముడు, సాయిపల్లవి సీత, యశ్ రావణుడు. రెండు భాగాలట. రామాయణాన్ని రెండు ముక్కలు చేసి ఇంటర్వెల్ ఏడాది పెట్టడం ఏం న్యాయమో నాకు తెలియదు. బాగుండదని ఇప్పుడే రాసి పెట్టుకోండి. టిక్కెట్లు పెట్టగానే మాత్రం మొదటి ఆటకే నాకూ ఒకటి తీయండి. తెలుగులోదే తీయాలి, త్రీడీ వద్దు, ఆ అద్దాలు నా కళ్ళజోడు మీద నిలవవు. బాత్రూముకు దగ్గరగా, వరసలో చివరి సీటు చూడండి. మధ్యలో ఇరికిస్తే మాత్రం యుద్ధకాండలో నేను లేచినప్పుడల్లా మీరందరూ లేవాల్సి వస్తుంది.