అలకాపురిలో అద్దె గది: సటీకా తాత్పర్యం

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ముందే మాటిచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాసినవాడు కోలాచల మల్లినాథ సూరి. ఆయనది మెదక్ జిల్లా కొల్చారమని చెబుతారు. మేఘసందేశానికి ఆయన సంజీవని వ్యాఖ్య లేకపోతే, మేఘంతో భార్యకు కబురంపే యక్షుడి బాధ మనలో చాలామందికి సగమే అందేది. అలాంటి వ్యాఖ్యాత అవసరం ఇప్పుడు కావ్యాలకన్నా హోటల్ ప్రకటనలకు ఎక్కువ. కింది మూలం చూస్తే తెలుస్తుంది. దుబాయ్ హోటళ్ల ప్రకటనల్లో పదే పదే తగిలే మాటల్ని ఏరి కూర్చిన వాక్యమిది. ఏ ఒక్క హోటలుదీ కాదు, అన్నిటిదీనూ.

మూలం: దుబాయ్ నడిబొడ్డున, నడక దూరంలో మెట్రోతో, సముద్రానికి చేరువలో, ఐదు నక్షత్రాల వైభవంతో, పాక్షిక సాగర వీక్షణం గల డీలక్స్ గది; అల్పాహార సహితం; పన్నులు వర్తిస్తాయి.

శాస్త్రం మొదలుపెట్టే ముందు అనుబంధ చతుష్టయం చెప్పుకోవాలి. విషయం, హోటల్ గది. ప్రయోజనం, కాళ్లూ జేబూ రెండూ నొప్పెట్టకుండా పని ముగించుకోవడం. సంబంధం క్రెడిట్ కార్డు చూసుకుంటుంది. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి తగినవాడు, గుంటూరు నుంచి గల్ఫుడ్ ఆహార ప్రదర్శనకు బయల్దేరిన మిర్చి ఎగుమతి వ్యాపారి. ఐదు రాత్రుళ్లు ఉంటాడు. పెట్టెలో తేజ రకం మిరపకాయల నమూనా పొట్లాలున్నాయి. 2024 చివరికి దుబాయ్‌లో లక్షన్నరకు పైగా హోటల్ గదులున్నాయి. ఆ ఒక్క ఏడాది ఊరు చూడ్డానికో పని మీదో వచ్చి బస చేసినవాళ్లు కోటీ 87 లక్షల మంది. ఈయనకు కావలసింది ఒక్క గది.

దుబాయ్ నడిబొడ్డున = ఏ దుబాయ్‌కి, ఎప్పటి బొడ్డు? బొడ్డు ఉండాలంటే ఊరు కాస్తయినా గుండ్రంగా ఉండాలి. ఇది తీరం వెంట ఆరేసిన చీరలా పొడుగ్గా సాగిన ఊరు. ఒక కొంగు దగ్గర క్రీక్ అనే పాత సముద్రపు పాయ, దాని గట్టున దేరా, అటు పక్కన విమానాశ్రయం. అవతలి గట్టున బర్ దుబాయ్, కరామా. అక్కణ్ణుంచి షేక్ జాయెద్ రోడ్డు పట్టుకుంటే వరల్డ్ ట్రేడ్ సెంటర్, ఆర్థిక కేంద్రం, బిజినెస్ బే, ఆ తర్వాతెప్పటికో మెరీనా. విమానాశ్రయం నుంచి మెరీనాకు 30 కిలోమీటర్ల పైమాటే. రెండో కొంగు ఇంకా దూరంగా, జెబెల్ అలీ రేవు దాకా ఉంది.

పైగా ఆ బొడ్డు ఒకచోట నిలవలేదు. 1975లో దేరా గట్టున ఇంటర్‌కాంటినెంటల్ తెరిచినప్పుడు క్రీకే ఊరికి గుండెకాయ (ఆ హోటలే ఇప్పటి రాడిసన్ బ్లూ). 1979లో బ్రిటన్ రాణి ఎలిజబెత్ వచ్చి ప్రారంభించిన ట్రేడ్ సెంటర్ భవనం అప్పటికి ఊరి చివర ఇసుకలో ఒంటరిగా నిలబడి ఉంది. 2010 జనవరిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా తెరిచాక నడిబొడ్డు అక్కడికి మకాం మార్చింది. కాబట్టి మూడు పేటల హోటళ్లూ ఈ మాటను నిర్భయంగా వాడుకోవచ్చు. ఎవరూ అబద్ధం ఆడినట్టు కాదు. వ్యాపారి మట్టుకు తన బొడ్డు తాను వెతుక్కోవాలి, అదీ ప్రదర్శన ఆహ్వానపత్రంలో. గల్ఫుడ్ ఏళ్లుగా ట్రేడ్ సెంటర్‌లోనే జరిగేది. 2026లో ట్రేడ్ సెంటర్, ఎక్స్‌పో సిటీ రెండింటికీ పంచారు. ఆ రెంటి మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. తన స్టాలు ఎక్కడో చూసుకోకుండా గది తీసుకున్నవాడు ప్రదర్శనకన్నా టాక్సీ మీటరునే ఎక్కువ చూస్తాడు. (ఎక్స్‌పో సిటీ పేరు ఎక్స్‌పో 2020 నుంచి వచ్చింది. అది మొదలైంది 2021 అక్టోబరులో. కోవిడ్ పుణ్యమా అని ఇక్కడ అంకెను కూడా వాచ్యార్థంలో తీసుకోకూడదు.)

నడక దూరంలో మెట్రోతో = ఎవరి నడక? ఏ నెలలో నడక? ఈ రెండు ప్రశ్నలూ అడగని వ్యాఖ్యాత వ్యాఖ్యాతే కాడు.

షేక్ జాయెద్ రోడ్డు ఒక్కో వైపు ఏడేసి వరుసలు. కిటికీలోంచి చూస్తే ఎదుటి గట్టు మీద స్టేషను కనపడుతూనే ఉంటుంది, కాకి ఎగిరితే మూడొందల మీటర్లు. కాని మనిషికి రెక్కల్లేవు. రోడ్డు దాటాలంటే మెట్రో స్టేషన్ల ఏసీ వంతెనలే గతి. అవి పడకపోతే టాక్సీ పిలవాలి, టాక్సీవాడు ముందుకెళ్లి ఎక్కడో తిరిగి రావాలి. అందుచేత ‘ఎంత దూరం’ అన్న ప్రశ్న కన్నా ‘ఏ వైపు’ అన్న ప్రశ్న ముఖ్యం. ఇక నెల సంగతి. గల్ఫుడ్ జరిగేది చలికాలంలో కాబట్టి గుంటూరు మనిషికి ఆ గాలి హాయిగా ఉంటుంది. అదే నాలుగొందల మీటర్లు ఆగస్టులో నడిస్తే ఇస్త్రీ చొక్కా వంతెన ఎక్కేలోపే ఒంటికి అతుక్కుపోతుంది. బస్టాపులకు కూడా ఏసీ పెట్టిన ఊరు అది. వేసవిలో పెద్ద హోటళ్ల రేట్లు ఎందుకు దిగుతాయో వేరే చెప్పక్కర్లేదు.

విశేషం: కాళిదాసు మేఘం ఆషాఢంలో వచ్చింది. దుబాయ్‌కి ఆషాఢంలో ఉక్క వస్తుంది గాని మేఘం రాదు. వచ్చిన మేఘం 2024 ఏప్రిల్ 16న వచ్చింది, సరిగ్గా శ్రీరామనవమి ముందు రోజు. 1949లో లెక్కలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి అంతటి వాన యూఏఈలో కురవలేదు. రన్‌వేల మీద నీళ్లు నిలిచి, విమానాలు ఆగిపోయి, ఆ రాత్రి నడక దూరంలో ఏ గది దొరికితే అదే ఐదు నక్షత్రాలది అయింది.

పాఠాంతరాలు: స్టేషన్ల పేర్లు దుబాయ్‌లో కంపెనీలకు అమ్ముడుపోతుంటాయి. కరామా స్టేషన్ ఏడీసీబీ అయింది. మెరీనా స్టేషన్ ఒకప్పుడు డామాక్, తర్వాత శోభా రియల్టీ. కిందటిసారి వచ్చినప్పుడు రాసుకున్న పేరు ఈసారి పటంలో కనిపించకపోతే స్టేషను ఎక్కడికీ పోలేదని, ప్రతి మాత్రమే మారిందని గ్రహించాలి.

సముద్రానికి చేరువలో = అలంకారశాస్త్రం చదివినవారికి ఇక్కడ ప్రాణం లేచొస్తుంది. గంగలో గొల్లపల్లె ఉందంటే నీళ్ల మీద గుడిసెలున్నాయని కాదు, ఒడ్డున ఉన్నాయని. దీన్ని లక్షణ అంటారు. సూటిగా ఒడ్డునే అనొచ్చుగా అంటే, గంగ చల్లదనమూ పావనత్వమూ పల్లెకు కూడా అంటాలని అలా అన్నారంటారు పెద్దలు. హోటలువాడి ఎత్తుగడ అచ్చం ఇదే. పేరులో బీచ్ చేరితే ఉప్పుగాలి రేటుకు తగులుతుంది. ఊరి మధ్యనున్న హోటలు ‘బీచ్ సౌకర్యం’ అంటే రోజుకు రెండు మూడుసార్లు తిరిగే షటిల్ బస్సు అని అన్వయించుకోవాలి.

లక్షణ అక్కర్లేనిది ఒక్కటుంది. బుర్జ్ అల్ అరబ్ నిజంగానే సముద్రంలో ఉంది, ఒడ్డుకు 280 మీటర్ల దూరంలో పోసిన దీవి మీద. 1999లో తెరిచారు, తెరచాప ఆకారం, 321 మీటర్ల ఎత్తు. దాన్ని ఏడు నక్షత్రాల హోటలని లోకమంతా అంటుంది. అది ఎవరో బ్రిటిష్ విలేకరి ముచ్చటపడి వాడిన మాట. సర్కారు వర్గీకరణ ఐదుతోనే ఆగిపోతుంది. ఇది అతిశయోక్తి అలంకారం. పుట్టించిన విలేకరి పేరు మరుగున పడినా అలంకారం బతికింది.

ఐదు నక్షత్రాల వైభవంతో = ఈ పదం దగ్గర వ్యాపారి ఆగాలి, ఎందుకంటే ఇక్కడ రెండు వేర్వేరు జాతులు ఒకే విశేషణం కింద దాక్కుంటాయి. విలాసపు హోటలు అతిథిని బయటికి పోనివ్వకుండా కట్టినది. పామ్ దీవి కొసన 2008లో తెరిచిన అట్లాంటిస్‌లో 1,500కు పైగా గదులు, జలక్రీడల పార్కు, చేపల అద్దాల మేడ. అక్కడ దిగినవాడు ఊళ్లోకి రావాలనుకోవడమే వింత. వ్యాపారుల హోటలు దీనికి తలకిందులు. లేచిన అరగంటలో మనిషిని బయటికి పంపడమే దాని గొప్పతనం. తొందరగా వచ్చే లిఫ్టు, రాత్రికి రాత్రే ఇస్త్రీ, వేచి ఉండనక్కర్లేని కౌంటరు. ట్రేడ్ సెంటర్‌ను ఆనుకునే నొవొటెల్, ఐబిస్ ఉన్నాయి. పెద్ద ప్రదర్శనల వారంలో ఆ చిన్న గదులకు వచ్చే గిరాకీ చూస్తే, నక్షత్రాలు గోడమీదా, అసలు విలువ గుమ్మం దగ్గరా ఉంటాయని అర్థమవుతుంది. మిర్చి పొట్లాలు పట్టుకుని పామ్ దీవిలో దిగడం అంటే పెళ్లికొచ్చి విడిది పక్కూళ్లో తీసుకోవడమే.

వైభవానికి ఎత్తు కూడా ఒక కొలత ఈ ఊళ్లో. బిజినెస్ బేలో జేడబ్ల్యూ మారియట్ మార్క్విస్ జంట శిఖరాలు 355 మీటర్లు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన హోటలని గిన్నెస్ పేరు తెచ్చుకుంది. 2018లో షేక్ జాయెద్ రోడ్డు మీద జెవోరా లేచింది, 356 మీటర్లు. ఒక్క మీటరు తేడా! తలగడ తీసి నిలబెట్టి కట్టినట్టు. 2025లో మెరీనాలో సీల్ 377 మీటర్లతో ఆ పోటీని మరో మెట్టు ఎక్కించింది. యక్షుడి ఊరైన అలకాపురి మేడలు మబ్బులతో పోటీపడతాయన్నాడు కాళిదాసు. ఇక్కడి మేడలకు మబ్బులు కరువు కనుక ఒకదానితో ఒకటి పోటీపడుతున్నాయి.

పాక్షిక సాగర వీక్షణం = బాల్కనీలో కుడిచేత్తో కడ్డీ పట్టుకుని, ఎడమకు వంగి, ఎదుటి భవనానికీ దాని పక్కన క్రేనుకూ మధ్య సందులో కనిపించే నీలిరంగు. పూర్తి వీక్షణానికి వేరే రేటు. ‘నగర వీక్షణం’ అంటే పద్నాలుగు వరుసల కార్లు. రాత్రిపూట ఆ దీపాలు నిజంగానే బాగుంటాయి, కాదనకూడదు.

అల్పాహార సహితం = ఇందులో అల్పం ధరకు వర్తించదు. పెద్ద హోటల్ బఫేలో దోసె వేస్తారు, సాంబారు పేరుతో ఒక ద్రవం పోస్తారు. వ్యాఖ్యాత పక్షపాతం ఇక్కడ బయటపడక తప్పదు. బర్ జుమాన్ స్టేషను దరిదాపుల్లో నాలుగు నక్షత్రాల గది తీసుకుని, పొద్దున్నే కరామా సందుల్లోకి నడిచి, ఇడ్లీ వడా తిని, కరక్ చాయ్ తాగి, మెట్రో ఎక్కితే మూడో స్టేషనే ట్రేడ్ సెంటర్. అల్పాహారం లేని గది రేటు అడగడం పరువు తక్కువ పనేమీ కాదు.

పన్నులు వర్తిస్తాయి = మూలంలో చివర, చిన్న అక్షరాల్లో ఉంటుంది గాని క్రియాపదం ఇదే. మిగతాదంతా విశేషణం. ఐదు నక్షత్రాల గది 500 దిర్హాములు అనుకుంటే, దాని మీద 10 శాతం సర్వీస్ చార్జి, 7 శాతం మునిసిపాలిటీ రుసుము, 2018 నుంచి 5 శాతం వ్యాట్. ఆపైన 2014లో పెట్టిన టూరిజం దిర్హామ్, గదికి రాత్రికి ఇంత అని. ఐదు నక్షత్రాలకు 20, ఒక నక్షత్రానికి 7. మొత్తం కనీసం 630 అవుతుంది. టూరిజం దిర్హామ్‌ను చాలాచోట్ల కౌంటర్ దగ్గరే వసూలు చేస్తారు, ముందే అంతా కట్టేశానని మురిసిపోయే అతిథి మురిపెం తీరేలా. డిపాజిట్ కింద కార్డులో కొంత పట్టి ఉంచడం మూలంలో చెప్పరు, అది వ్యంగ్యార్థం. తెల్లవారుజామున విమానం దిగినా గది మధ్యాహ్నం మూడింటికిగాని ఇవ్వకపోవడం కూడా అంతే.

తాత్పర్యం: పని ఉన్న చోటికి రోడ్డు దాటనక్కర్లేని వైపు, మెట్రో మెట్ల దగ్గర, పన్నులన్నీ కలిపిన రేటుకు ఒక మంచం కలదని భావము.

మల్లినాథుడి నియమం ఇక్కడ తప్పాల్సి వస్తోంది. మూలంలో లేని ఒక మనిషి గది తలుపు తట్టాడు.

వ్యాపారి ఫోను చార్జరు చేతిలో పట్టుకుని గోడ చుట్టూ తిరుగుతున్నాడు. ఆ దేశపు ప్లగ్గుకు మూడు చదును పుల్లలు, ఈయన చార్జరుకు రెండు గుండ్రని పుల్లలు. కప్పు మీద అంటించిన బాణం గుర్తు ప్లగ్గు ఎటుందో చెబుతుందేమోనని అటూ చూశాడు. అది నమాజు దిక్కు. ఆ పూటకు ఇంటికి ఫోన్లో ‘ఆఁ, దిగాను, గది బానే ఉంది’ అంటుండగా తువ్వాళ్ల బండి తోసుకుంటూ వచ్చిన కుర్రాడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏ ఊరన్నా మీది?”

“గుంటూరు తమ్ముడూ. నీది?”

“జగిత్యాల దిక్కు.”

కాళిదాసు యక్షుడు ఏలినవాడి శాపం తగిలి అలకాపురికి దూరమయ్యాడు, ఏడాది గడువు. ఈ యక్షుడికి అలకాపురిలోనే ఉద్యోగం. దూరమైంది ఇల్లు. రెండేళ్లకోసారి పోతానన్నాడు. మేఘం బదులు వాట్సాప్ ఉంది, ఇంట్లో పాప రోజూ వీడియోలో కనపడుతుంది, ‘ఎప్పుడొస్తవ్ బాపూ’ అని అడగడం ఈ మధ్యే నేర్చింది. చార్జరు చూసి నవ్వి, బండి అడుగు అరలోంచి అడాప్టరు తీసి గుచ్చాడు. “మనోళ్లందరికీ గిదే పరేషానన్నా. పొయ్యేటప్పుడు గీడనే ఇడిసిపోరి.”

వ్యాపారి చిల్లర కోసం జేబు తడుముకుని, అదెందుకో బాగోదనిపించి, పెట్టె తెరిచి ఒక నమూనా పొట్లం చేతిలో పెట్టాడు. కుర్రాడు మూతి విప్పి వాసన చూశాడు. రెండు తుమ్ములు తుమ్మాడు. మూడోది ఆపుకోబోయి, కళ్లు తుడుచుకుంటూ, ఉతికిన తువ్వాళ్లు మంచం మీద పెట్టి బండి తోసుకుంటూ పక్క గదికి వెళ్లాడు.