గొడుగు మరిచిన రసికుడు

సముద్రానికి ఎదురుగా ఆర్ట్ గ్యాలరీ తెరవడమంటే పెళ్లివారి బ్యాండు మేళం పక్కన వీణ కచేరీ పెట్టుకోవడమే. అవతల టిక్కెట్టు లేదు, తలుపు లేదు, రాత్రీ పగలూ ఆట. వెలుతురు మారినప్పుడల్లా బొమ్మ మారిపోతుంది. పైగా కాళ్లు తడుపుకోవచ్చు. ఇవతల నాలుగు గోడలు, కొన్ని ఫ్రేములు, "దయచేసి ముట్టుకోరాదు" అన్న అట్టముక్క. ఇంత అన్యాయపు పోటీలోనూ ఇలాంటి గ్యాలరీలు బతికి బట్ట కడుతున్నాయంటే ఎవరో ఒకరు పోషిస్తూ ఉండాలి. ప్రభుత్వమని కొందరంటారు, దాతలని కొందరంటారు, కళాభిమానులని మర్యాదస్తులంటారు. నా లెక్కలో వీళ్లెవరూ కాదు. తీరంలోని చిన్న గ్యాలరీని ఏడాది పొడుగునా నిలబెట్టేవాడు బొమ్మలు చూద్దామన్న ఉద్దేశం ఏ కోశానా లేకుండా లోపలికి వచ్చినవాడే. ఎండకు ఆగలేక వస్తాడు, వానకు తలదాచుకోను వస్తాడు, పిల్లవాడికి అర్జంటైతే వస్తాడు, బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంటే వస్తాడు. వాణ్ని చూసి మొహం చిట్లించే నిర్వాహకులకు తమ గ్యాలరీ ఎవరి చలవ వల్ల నడుస్తోందో తెలియదని నా వాదన.

సాక్ష్యానికి ఏడాది పంచాంగమే చాలు. జనవరిలో నున్నటి కాగితం మీద అచ్చేసే కార్యక్రమ పత్రంలో వ్యక్తి ప్రదర్శన, బృంద ప్రదర్శన, ప్రింట్ల ప్రదర్శన అని ఉంటుంది. అసలు ప్రదర్శనలు నిర్ణయించేది వాతావరణం. మద్రాసు వైపు తీరాన్నే తీసుకోండి. డిసెంబరు, జనవరుల్లో సంగీత కచేరీల సీజను, విదేశాల నుంచి వచ్చిన బంధువుల సీజను ఒకేసారి పడతాయి. అప్పుడు గోడమీదికి ఎక్కే బొమ్మల కొలత సూట్‌కేసు కొలత. "ఈ చిత్రంలో భావమేమిటండీ?" అన్న ప్రశ్న కంటే "దీన్ని చుట్ట చుట్టొచ్చా?" అన్న ప్రశ్న ముందు వస్తుంది. వెక్కిరించాల్సిన పనేం లేదు. ఇరవైమూడు కిలోల్లో ఆవకాయనూ అప్పడాలనూ కాస్త వెనక్కి నెట్టి ఒక చిత్రానికి చోటిస్తున్నాడంటే, విమర్శకులెవరూ చెయ్యని త్యాగం చేస్తున్నాడన్నమాట. మే నెల వచ్చేసరికి కత్తిరి ఎండలు. అప్పుడు ఏసీ ఒక్కటే ప్రధాన కళాఖండం, తక్కినవన్నీ దాని చుట్టూ అలంకరణ. ఆ నెలలోనే వేసవి శిబిరం పిల్లల బొమ్మలు పెడతారు. ఏడాది మొత్తం మీద కాలు పెట్టే సందు ఉండని ప్రదర్శన అదొక్కటే. ఒక్కో బొమ్మ వెనక ఒక అమ్మ, ఒక నాన్న, ఇద్దరు బామ్మలు, వీడియో తీసే బాబాయి ఒకడు. అన్నట్టు, ఆ బొమ్మల్లో ఒక విచిత్రం ఉంటుంది. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కిందికి ఒక ఏరు, ఏటి పక్కన పెంకుటిల్లు. కిటికీలోంచి బంగాళాఖాతం అంతా కనిపిస్తున్నా ఏ పిల్లా సముద్రం వెయ్యదు. ఇక అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు దిగాయంటే చెప్పక్కర్లేదు. ఒక్క జల్లు పడితే చాలు, హాలు నిండిపోతుంది. నెల రోజులు పోస్టర్లు అంటించినా రానంతమంది పది నిమిషాల వానకు వస్తారు.

పిలిచినవాళ్లు వస్తారు కదా అంటారేమో. వస్తారు, ప్రారంభోత్సవానికి. ఉప్పుగాలిలో జ్యోతి ప్రజ్వలన ఎంత ఘట్టమో చూసినవాళ్లకే తెలుసు. అగ్గిపెట్టెకు చెమ్మ పట్టి ఉంటుంది. మూడో పుల్ల మందు రాలిపోతుంది. నాలుగో పుల్ల అంటుకుంటుంది గానీ కొవ్వొత్తి కుందె దాకా చేరేలోగా గాలి ఆర్పేస్తుంది. అప్పుడు కళాకారుడు, ముఖ్య అతిథి, ఫొటోగ్రాఫరు, చిత్రకారుడి బావమరిది, అందరూ చేతులు అడ్డుపెట్టి దడి కడతారు. ఎవరో వత్తి మీద కర్పూరం బిళ్ల పెడతారు. చప్పట్లు. ముఖ్య అతిథి గారు కళ సమాజానికి అద్దం అని చెప్పి, గోడమీది అద్దాల్లో తన తల సర్దుకుని, సమోసా తిని వెళ్లిపోతారు. బొమ్మ పక్కన అమ్ముడైనట్టు అంటించే ఎర్ర చుక్క ఆ సాయంత్రం ఒక్కటే పడుతుంది, అదీ బావమరిది మొహమాటం. మర్నాటి నుంచి గ్యాలరీకి దిక్కు గొడుగు మరిచినవాళ్లే.

ఇక్కడ పెద్ద అభ్యంతరం ఒకటి వస్తుంది. అలా వచ్చినవాడికి కళ ఏం తెలుస్తుంది అని. ఈ ప్రశ్న ఒక్క గ్యాలరీలోనే ఎందుకు పుడుతుందో నాకు అర్థం కాదు. విశాఖ బీచ్‌రోడ్డులో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిని 2002లో మ్యూజియంగా మార్చారు. ముంత మసాలా తింటూ నడిచేవాళ్లు క్యూ కనిపించగానే నిలబడతారు, లోపలికి వంగి వెళతారు, నావికులు ఇంత ఇరుకులో ఎలా పడుకునేవాళ్లురా అనుకుంటూ బయటపడతారు. నీకు నౌకా యుద్ధతంత్రం తెలుసా అని వాళ్లనెవరూ నిలదియ్యరు. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ప్రవేశ పరీక్ష పెట్టాలనిపిస్తుంది. సరే, తెలిసినవాళ్ల సంగతే చూద్దాం. ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవులో ఒక ఫ్రేముల దుకాణం ఉండేది. అందులో కిటికీ అద్దం వెనక ఒక కుర్రాడు గీసిన వ్యంగ్య చిత్రాలు పెట్టేవారు. దారినపోయే జనం అందులో తమ ఊరి పెద్దమనుషుల ముక్కులు గుర్తుపట్టి నవ్వుకునేవారు, కొనేవారు. వాటి పైనే బూదాన్ అనే ఆయన వేసిన సముద్ర దృశ్యాలు వేలాడేవి. తన కింది వరుస బొమ్మలకు జనం మూగుతుంటే ఆ కుర్రాడికి ఆనందం, పై వరుస చూస్తే మాత్రం ఒళ్లు మంట. ఆ కుర్రాడు క్లాడ్ మోనే. తర్వాత ఆ బూదానే అతణ్ని ఆరుబయట కూర్చోబెట్టి బొమ్మ వెయ్యడం నేర్పాడు. 1872లో అదే రేవును అదే మోనే పొద్దుపొడుపు వేళ చిత్రించాడు, ఒక కళోద్యమానికి పేరే ఆ బొమ్మ నుంచి వచ్చింది. ముక్కులు చూసి నవ్వుకోను ఆగిన జనానికి కళాచరిత్ర ఎంత రుణపడి ఉందో చూడండి.

ఇంకొక సాక్ష్యం ఇంగ్లండులోని సెంట్ ఐవ్స్ ఊరిది. ఆల్ఫ్రెడ్ వాలిస్ అనే ముసలాయన, ఒకప్పటి నావికుడు, తర్వాత పాత సామాన్ల వ్యాపారి. భార్య పోయాక, డెబ్బై ఏళ్ల వయసులో తోడు కోసం బొమ్మలు మొదలెట్టాడు. కాన్వాసు లేదు, కిరాణా కొట్టు అట్టముక్కలు. రంగులు పడవలకు పూసేవి. ఫ్రేములు లేవు, మేకులు కొట్టి గోడకు తగిలించడమే. 1928లో బెన్ నికల్సన్, క్రిస్టఫర్ వుడ్ అనే ఇద్దరు చిత్రకారులు బీచి నుంచి తిరిగొస్తూ తెరిచిన తలుపులోంచి అవి చూసి ఆగిపోయారు. ఆహ్వాన పత్రం లేదు, రిబ్బను లేదు. వాళ్లిద్దరూ చిత్రకారులు కదా, మామూలు బాటసారులు కారు కదా అని మీరనొచ్చు. నిజమే. కానీ వాళ్లు ఆ రోజు బయల్దేరింది ప్రదర్శన చూడ్డానికి కాదు. ఆ తలుపు మూసి ఉంటే వాలిస్ బొమ్మలు అట్టముక్కలుగానే పోయేవి. బాటసారుల్లో నికల్సన్ ఎవరో, మూత్రశాల కోసం వచ్చినవాడెవరో గుమ్మం దగ్గర నిలబడి తేల్చలేం. ఒక్కోసారి ఇద్దరూ ఒకడే కావచ్చు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. దారినపోయేవాళ్లను నమ్ముకుంటే నారింజ రంగు సూర్యుడు, ఒక తాటిచెట్టు, ఒంటరి పడవ తప్ప గోడమీద ఇంకేం మిగలదని. ఈ భయం నాకూ ఉంది. పళ్ల డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో ఆ పడవను చూసి చూసి నోరు తెరవబుద్ధి కాని స్థితికి వచ్చినవాళ్లు చాలామంది. అయితే దీనికి జవాబు మన తీరంలోనే దొరికింది. మద్రాసు ప్రభుత్వ చిత్రకళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు కలిసి 1966లో ఊరికి దక్షిణంగా ఇంజంబాక్కం ఇసుకలో చోళమండలం అనే కళాకారుల గ్రామం కట్టుకున్నారు. డబ్బు ఎక్కడిదయ్యా అంటే, బాతిక్ బట్టలు, చేతిపనులు అమ్మగా వచ్చింది. జనం కోరింది చేతిపనుల్లో ఇచ్చారు, తమకు తోచింది కాన్వాసు మీద వేసుకున్నారు. పొద్దున మైనం కాచి బట్టలకు రంగులు అద్దిన చేతులే సాయంత్రం ఎవరికీ అర్థం కావలసిన అవసరం లేని బొమ్మలు వేశాయి. 2009లో అక్కడే మద్రాసు కళోద్యమానికి మ్యూజియం కూడా వచ్చింది. గుమ్మం ముందు ఈస్ట్ కోస్ట్ రోడ్డు, దానిమీద మహాబలిపురం పోయే కార్లు. కాఫీకని ఆగినవాడు కౌంటరులో సూర్యాస్తమయం కార్డు ఒకటి కొంటే లోపలి నైరూప్య చిత్రం కరెంటు బిల్లు తీరుతుంది. సూర్యాస్తమయానికి ఇంతకంటే సద్వినియోగం ఉందా?

అలాంటప్పుడు ఉప్పుగాలి తినే చోట ఎందుకు, ఊళ్లో ఏసీ మాల్లోనే పెట్టుకోవచ్చుగా అనేవాళ్లకు జవాబు ఒక్క మాటే, అద్దె. గాలి తినడం మాత్రం అబద్ధం కాదు. తెల్లగోడ మీద మేకు కింద తుప్పు చార దిగుతుంది, నీటిరంగుల కాగితానికి గోధుమరంగు మచ్చలు లేస్తాయి, ఫ్రేము వెనక అట్ట ఉబ్బుతుంది. చిత్రకారుడు వెయ్యని మేఘం ఒకటి మూడో వానాకాలానికి ఆకాశంలో ప్రత్యక్షమవుతుంది. ఆ మహాబలిపురం దారినే ముందుకు పోతే పల్లవులు కట్టిన తీరాలయం ఉంది, ఎనిమిదో శతాబ్దం నుంచి అదే గాలిని రాతి ముఖాలతో ఎదుర్కొంటోంది. అక్కడికి వచ్చేవాళ్లలోనూ సగంమంది బీచికని వచ్చినవాళ్లే.

కాబట్టి గ్యాలరీ కట్టేవాళ్లకు నా సలహా మూత్రశాల గురించి. దాన్ని గుమ్మం పక్కన పెట్టకండి. చివరి గది అవతల పెట్టండి. బాణం గుర్తు మొదటి గదిలోంచి మొదలై, నీటిరంగులు దాటి, తైలవర్ణాలు దాటి, నైరూప్య చిత్రాల మీదుగా పోవాలి. పోయేటప్పుడు ఎవడూ ఏమీ చూడడు, ఆ మాట నిజమే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మనిషి నిదానంగా ఉంటాడు.