మౌసును అటకెక్కించండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆగిపోయింది. బాన్సువాడలో పాత లాప్‌టాప్ ఉన్న ప్రతి విద్యార్థికీ నా సలహా ఒకటే: కొత్తది కొనకండి, లినక్స్ ఎక్కించి ఐ3 పెట్టుకోండి. జర్మనీకి చెందిన మైకెల్ స్టాపెల్‌బర్గ్ 2009లో తెచ్చిన విండో మేనేజర్ ఇది. నిజాంసాగర్ కాలువ కింద మడి పక్కన మడి ఉన్నట్టే ఇందులో విండోలు పక్కపక్కనే సర్దుకుంటాయి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కవు. మీరు పిలవనిదేదీ తెర మీదికి రాదు.

1. విండోస్‌ను పూర్తిగా తుడిచేయండి. రెండూ ఉంచుకొమ్మని అందరూ చెబుతారు, వినకండి. వెనక్కి దారి ఉన్నంతకాలం మనిషి వెనక్కే పోతాడు. సర్టిఫికెట్లు, ఫొటోలు మాత్రం ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.

2. సెలవుల్లో మొదలుపెట్టకండి. దోస్త్‌లో డిగ్రీ సీటుకు దరఖాస్తు చేసే వారంలోనే పెట్టండి. అవసరం తరిమితే తప్ప చేతికి పని రాదు.

3. డెబియన్ లినక్స్ ఎక్కించేటప్పుడు డెస్క్‌టాప్ అడిగే చోట టిక్కులన్నీ తీసేయండి. నల్లతెర వస్తుంది, భయపడకండి. రూట్‌గా లాగినై ఏపీటీతో ఎక్స్‌ఆర్గ్, ఐ3 ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత మీ పేరుతో లాగినై స్టార్ట్‌ఎక్స్ కొట్టండి.

4. ఐ3 మొదటిసారి తెరుచుకొని మాడ్ కీ ఏదని అడిగితే విండోస్ కీ అనండి. మాడ్‌తో ఎంటర్ నొక్కితే టెర్మినల్, డి నొక్కితే ప్రోగ్రాములు, అంకె నొక్కితే ఆ నంబరు వర్క్‌స్పేస్ వస్తాయి. మాడ్, షిఫ్ట్, క్యూ కలిపి నొక్కితే విండో మూసుకుంటుంది. మొదటిరోజు ఇంతకుమించి నేర్చుకోకండి.

5. మౌసు అటక మీద పెట్టండి, టచ్‌ప్యాడ్ కూడా ఆపేయండి. వెబ్ పేజీల్లో ట్యాబ్ కీ చాలు. ఫైర్‌ఫాక్స్‌లో ఎఫ్7 నొక్కితే బాణం కీలతో అక్షరాల మధ్య తిరగొచ్చు.

6. ఎవరి కాన్ఫిగ్ ఫైలూ కాపీ చేసుకోకండి, స్నేహితుడిదైనా సరే. రోజుకు ఒక్క లైను మార్చండి. మాడ్, షిఫ్ట్, ఆర్ కొడితే తెరిచిన విండోలు పోకుండానే మార్పు అమల్లోకి వస్తుంది. అర్థం కాని లైను మీ ఫైల్లో ఉండకూడదు.

7. రెండు వేల లైన్లు దాటకూడదన్న ఉద్దేశంతో రాసిన డీడబ్ల్యూఎం అనే ఇంకో విండో మేనేజర్ గొప్పదే, కానీ దాని బార్‌లో తెలుగు ఒత్తులు విడిపోతాయి. ఐ3 పాంగో వాడుతుంది కాబట్టి విండో పేర్లలో తెలుగు చక్కగా కనిపిస్తుంది. ఫాంటుగా లోహిత్ తెలుగు పెట్టుకోండి. టైపింగుకు సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్‌తో ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ కలపండి. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఈరోజే మానేయండి.

మొదటి వారం చేతులు తడబడతాయి, ఇంట్లోవాళ్లు కోప్పడతారు. అయినా మౌసును కిందికి దించకండి. మీ యంత్రం మీ మాటే వినాలి, ఆ హక్కును ఎవరికీ వదులుకోకండి.