లంచం క్షేమంగా పుచ్చుకొను విధానము

కొత్తగా సీట్లో కూర్చున్నవాళ్లకు సర్వీసు రూల్సు చెప్పడానికి శిక్షణా సంస్థలున్నాయి. పై రాబడి గురించి పద్ధతిగా చెప్పే నాథుడు మాత్రం లేడు. టీ కొట్టు దగ్గర సీనియర్లు తలో ముక్కా చెబుతారు. ఆ ముక్కలన్నీ ఏరి, 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని పక్కన పెట్టుకుని, మీకోసం ఒక దారిలో పెట్టాను. సలహాలిచ్చిన సీనియర్లలో కొందరు ప్రస్తుతం సస్పెన్షన్‌లో ఉన్నారు. దాన్ని అనుభవం కింద జమ కట్టుకోండి.

ముందుగా, నోరు జారకండి. ‘ఇంత ఇవ్వు’ అని ఎప్పుడూ అనకూడదు. ఫైలు మీద చెయ్యేసి, ‘చూద్దాం లెండి, పైవాళ్లను కూడా చూసుకోవాలి కదా’ అనాలి. అడిగినట్టు రుజువు కాకపోతే కేసు నిలవదని సీనియర్లు బల్ల గుద్ది చెబుతారు. అందులో కొంత నిజం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, ఫిర్యాదు చేసినాయన విచారణకు ముందే చనిపోతే, లంచం అడిగిన సంగతి రుజువు కాలేదని 2015లో సుప్రీంకోర్టు ఆ అధికారిని వదిలేసింది. ఈ తీర్పును పటం కట్టించి గోడకు తగిలించుకోండి. 2022 డిసెంబరులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు జోలికి మాత్రం వెళ్లకండి. ఫిర్యాదుదారు చనిపోయినా, బోనెక్కి మాట మార్చినా, మిగతా సాక్ష్యాలను బట్టి, జరిగిన పరిస్థితులను బట్టి అడిగిన సంగతి రుజువు చేయవచ్చని అందులో ఉంది. చదివితే నిద్ర పట్టదు.

తరవాతిది, చేతుల సంగతి. ఏసీబీ ఆఫీసులో ఫిర్యాదుదారు తెచ్చిన నోట్ల నంబర్లు వరసగా రాసుకుని, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. పూసినట్టు కనిపించదు. అతనికి ఇచ్చే హెచ్చరిక ఒక్కటే, ‘ఆయన అడిగితేనే ఇవ్వు.’ నోట్లు చేతులు మారాక అతను బయటికొచ్చి తల దువ్వుకుంటాడు, లేదా ముఖం తుడుచుకుంటాడు, లేదా ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. అప్పుడు లోపలికి వచ్చేవాళ్లలో మధ్యవర్తులని ఇద్దరుంటారు. వాళ్లూ గవర్నమెంటు ఉద్యోగులే, వేరే శాఖ నుంచి పిలిపించినవాళ్లు. మీ ముఖం చూడలేక గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడతారు. బల్ల మీద రెండు గాజు గ్లాసులు, వాటిలో సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లు. కుడి చెయ్యి ఒక దాంట్లో, ఎడమ చెయ్యి ఇంకో దాంట్లో ముంచమంటారు. నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు నీళ్లను సీసాల్లో పోసి, సీలు వేసి, చీటీ అంటించి, దాని మీద మధ్యవర్తుల సంతకాలు పెట్టించి లేబొరేటరీకి పంపిస్తారు.

దీనికి సీనియర్లు చెప్పే విరుగుడు, డబ్బు ముట్టుకోకుండా ‘ఆ డ్రాయరులో పెట్టు’ అనడం. అప్పుడు డ్రాయరు అడుగున దూది రాసి ఆ దూదిని ముంచుతారు. చొక్కా జేబులో పెట్టించుకుంటే చొక్కా విప్పించి జేబు తిరగేసి కడుగుతారు. అందుచేత ఆఫీసుకు వెళ్లే రోజున చిరుగుల్లేని బనీను వేసుకోండి. మర్నాడు జిల్లా పేజీలో వచ్చే ఫొటోలో నోట్లు, గ్లాసులు ముందుంటాయి, మీరు వెనకుంటారు. ఫొటోగ్రాఫర్లు బనీన్ల విషయంలో దయ చూపరు.

ఇంత గొడవెందుకు, మనిషిని పెట్టుకుందాం అంటారా? ప్రైవేటు అసిస్టెంటు, కారు డ్రైవరు, సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసు దగ్గరైతే డాక్యుమెంటు రైటరు, ఏదీ కుదరకపోతే ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు. బాగానే ఉంటుంది గానీ, చట్టం రాసినవాళ్లు కూడా ఈ దేశంలో పుట్టినవాళ్లే. నేరుగా తీసుకున్నా ఇంకొకరి చేత తీయించుకున్నా, మీకోసమైనా ఇంకెవరికోసమైనా ఒకటేనని 7వ సెక్షన్ కిందే రాసి పెట్టారు. మనిషిని పెట్టుకోవడంలో లాభం, జీపులో తోడుంటుంది. కొత్తతరం వాళ్లు ఫోన్‌పే, గూగుల్‌పే అంటున్నారు. తారీఖు, గంట, నిమిషంతో సహా రశీదు ఇచ్చి మరీ లంచం తీసుకునే ఈ నిజాయితీకి నేను ముచ్చటపడుతున్నాను.

మనస్సాక్షి ఉన్నవాళ్లకో ప్రత్యేక సలహా. అక్రమ పనులు చేయకండి. అర్హుడికే పట్టాదారు పాసుపుస్తకం ఇవ్వండి, సరైన కొలతలే ఎం బుక్‌లో ఎక్కించండి, ఆ తరవాత వాళ్లు సంతోషంతో ఇచ్చింది పుచ్చుకోండి. ‘నేను తప్పుడు పని చేయలేదు’ అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పవచ్చు. జడ్జిగారు శ్రద్ధగా విని మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్లకు మించకుండా శిక్ష వేస్తారు, జరిమానా అదనం. పని సక్రమమైనదే అయినా దానికి డబ్బు తీసుకోవడమే నేరం. పుచ్చుకున్నట్టు తేలితే ఎందుకు పుచ్చుకున్నారో కూడా కోర్టే ఊహించుకుంటుంది, కాదని నిరూపించుకునే బరువు మీది. ముందస్తు అనుమతి లేనిదే మనల్ని కదిలించలేరని 2018 సవరణను చూసి ధైర్యపడేవాళ్లున్నారు. ఆ రక్షణ ఫైళ్ల మీద తీసుకున్న నిర్ణయాలకు. రెడ్‌హ్యాండెడ్‌గా దొరికినవాడికి వర్తించదు.

వచ్చిన సొమ్ము అత్తగారి పేరు మీద పెట్టండి. బావమరిది పేరు కన్నా అత్తగారి పేరు గౌరవంగా ఉంటుంది. మీ తరఫున ఎవరి దగ్గర ఆస్తి ఉన్నా లెక్క చెప్పాల్సింది మీరేనని 13వ సెక్షన్ అంటుంది. చెప్పలేకపోతే నాలుగు నుంచి పదేళ్లు. ఆదాయాన్ని మించింది పది శాతం లోపు ఉంటే పోనిమ్మని సుప్రీంకోర్టు ఒక పాత మధ్యప్రదేశ్ కేసులో అన్నది. కాబట్టి పది శాతం దగ్గర ఆగండి. ఆగినవాణ్ని నేనింకా చూడలేదు, మీరే మొదటివారు కావచ్చు. జీతం తక్కువ తీసుకుంటే అనుమానం రాదనుకోవడం కూడా పొరపాటే. జయలలిత ముఖ్యమంత్రిగా మొదటి దఫాలో నెలకు ఒక్క రూపాయి జీతం తీసుకున్నారు. ఆ ఏళ్ల ఆస్తుల మీదే 2014లో బెంగళూరు ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేసింది. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు 2017లో కింది కోర్టు తీర్పునే నిలబెట్టింది. ఆమె అప్పటికే కాలం చేశారు, కేసులోని మిగిలిన ముగ్గురు నిందితులూ జైలుకు వెళ్లారు.

ఒకప్పుడు ఇంతకన్నా భద్రమైన చోటు ఉండేది, చట్టసభ. 1993లో పి.వి. నరసింహారావు ప్రభుత్వం అవిశ్వాసం గట్టెక్కడానికి ఎంపీలు డబ్బు తీసుకుని ఓటేశారన్న కేసులో, 1998లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. పుచ్చుకుని మాట ప్రకారం ఓటేసినవాళ్లకు రాజ్యాంగ రక్షణ ఉందట. పుచ్చుకున్నాడన్న ఆరోపణ ఉండీ ఓటేయని ఎంపీకి లేదట! మాట తప్పితేనే పట్టుకునే ఆ న్యాయం ఇరవై ఆరేళ్లు నడిచింది. 2024 మార్చిలో సీతా సోరెన్ కేసులో ఏడుగురు జడ్జీలు కూర్చుని దాన్ని కొట్టేశారు. ఎన్నికల్లో నిలబడే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక మిగిలింది ఆలస్యం. నిజంగా పనిచేసే చిట్కా ఇదొక్కటే, అందుకే చివరిదాకా దాచాను. ప్రాసిక్యూషన్ అనుమతి మూడు నెలల్లో, మరీ అవసరమైతే ఇంకో నెలలో తేల్చాలని, విచారణ రెండేళ్లలో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం కోరుకుంటుంది. కోరుకోనివ్వండి. ఆ అనుమతి ఫైలు కదలాల్సింది మన ఆఫీసులాంటి ఆఫీసులోనే, మనలాంటివాళ్ల బల్లల మీదుగానే. చట్టం పదునుకేం లోటు లేదు, దాన్ని మొద్దుబార్చేది ఈ బల్లలే. సాక్షులు రిటైరవుతారు, మధ్యవర్తులు మరిచిపోతారు, మీరు తలకు రంగేసుకుని వాయిదాలకు తిరుగుతుంటారు.

ఆ లోపు రోజులు గడవాలి కదా. కస్టడీలో నలభై ఎనిమిది గంటలు దాటితే సస్పెన్షన్ దానంతటదే వస్తుంది, జీవనభృతి మాత్రం దానంతటది రాదు. బిల్లు చేయాలి, దానికో గుమాస్తా ఉంటాడు. మీ బిల్లు అతని బల్ల మీద నెలల తరబడి ఉంటుంది, ఒకరోజు అతను మిమ్మల్ని పక్కకు పిలుస్తాడు. అడిగినంత ఇచ్చారంటే ఈసారి 8వ సెక్షన్ కింద ఇచ్చినవాడి నేరం మీకు చుట్టుకుంటుంది, దానికీ ఏడేళ్ల దాకా ఉంది. బలవంతం మీద ఇచ్చానంటే ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. ఏసీబీ నంబరు 1064. వివరాలు మొదటినుంచీ చెప్పుకునే శ్రమ ఉండదు, అక్కడ మిమ్మల్ని ఎరుగుదురు.